ఎర్రకోడి గూట్లో చెక్కగుడ్డు

గంపమ్మ గూట్లోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమింది. గడ్డి తడిగా తగిలింది. వేళ్లకు పచ్చసొన అంటుకుంది. ఎర్రకోడి మూలన నిలబడి, ముక్కు నేలకు రాసుకుంటూ ఏమీ ఎరగనట్టు చూసింది.

"నిన్న నీ గుడ్డు తిన్నావు, ఇవాళ తెల్లదాని గుడ్డూ తిన్నావు. ఇంకా ఆ నంగనాచి చూపులేమిటే?" అంది గంపమ్మ.

చంకలో గంప లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు కనక, ఆ కోళ్లషెడ్డులో ఆమె గంపమ్మ. మోకాళ్లు మొరాయించాయని ఈ సాయంత్రం తమ్ముడొచ్చి తనింటికి తీసుకుపోతున్నాడు. ఆలోగా ఎర్రకోడి దారికి రాకపోతే రేపు కోతకు పంపేస్తానని షెడ్డు యజమానురాలు తెగేసి చెప్పింది. ఆమెనూ అనడానికి లేదు. ఒకటి గుడ్ల రుచి మరిగితే మిగతావీ నేర్చుకుంటాయి.

గంపమ్మ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. కోడిది పాడుబుద్ధి అని వేరెవరైనా అంటే ఆమెకు మా చెడ్డ కోపం. పట్టు పట్టిందంటే ఆ మోకాళ్లు కూడా ఆమె మాట వినాల్సిందే. తడిగడ్డి తీసేసి, గుడ్డు పడినా చిట్లకుండా పొడిగడ్డి మందంగా పరిచింది. పాత దుప్పటి చింపి గూటికి పరదా కట్టింది. చీకట్లో గుడ్డు కనబడకపోతే కోడికి పొడవబుద్ధి కాదు. అప్పుడు కనిపించాయి, నీళ్లతొట్టి పక్కన సగం సగం గుడ్డుపెంకులు.

"అమ్మాయ్, ఇవి నువ్వేనా వేసింది?" అని యజమానురాలిని కేకేసింది.

"కోళ్లకి బలమని నువ్వే అన్నావుగా పిన్నీ!"

"అన్నాను. పొడి కొట్టి వెయ్యాలి తల్లీ. ఇలా గుడ్డు ఆకారంలో వేస్తే, ఇదీ తిండే కాబోలు అనుకోదూ?"

యజమానురాలు నాలుక కరుచుకుంది. "అయితే దానికి రుచి మప్పింది నేనేనా!"

"కొత్తలో నేనూ అంతే చేశాను. పో, రోట్లో వేసి దంచు."

గంపమ్మ సర్దిపెట్టుకున్న మూట విప్పి చెక్కగుడ్డు తీసింది. వడ్రంగి అయిన ఆమె భర్త చెక్కింది అది. ఇలాంటి కోడి ఒకటి తనను ఏడిపించిన రోజుల్లో, నవ్వి నవ్వి చేసిచ్చాడు. ఆయన పోయాక, ఆయన చేతిపనిలో ఆమెకు మిగిలింది అదొక్కటే. దాన్ని గూట్లో పెట్టింది.

ఎర్రకోడి వచ్చి టక్కున పొడిచింది. మళ్లీ పొడిచింది. సొన రాలేదు. తల విదిల్చి, అలిగినట్టు దానిమీదే కూర్చుంది. మధ్యాహ్నం పరదా ఎత్తి చూస్తే చెక్కగుడ్డు పక్కన అసలు గుడ్డు, చెక్కుచెదరకుండా ఉంది. గంపమ్మ పట్టలేని సంతోషంతో కోడినే తిట్టింది.

సాయంత్రం తమ్ముడు ఆటో తెచ్చాడు. "అక్కా, త్వరగా రా."

గంపమ్మ గూటి దగ్గరికెళ్లి చెక్కగుడ్డు చేతిలోకి తీసుకుంది. వెచ్చగా ఉంది. ఎర్రకోడి మెడ చాచి దాన్నే చూస్తోంది.

"తీసుకెళ్లు పిన్నీ, బాబాయి చేసిందిగా. నేను రాయేదైనా పెడతాలే," అంది యజమానురాలు.

"రాయి వద్దు. పాపం, ముక్కు విరుగుతుంది," అంది గంపమ్మ. చెక్కగుడ్డును మళ్లీ గడ్డిలో పెట్టింది. "ఒక్కరోజుకే మానేస్తుందా ఏం? ఇదిక్కడే ఉండనీ."

ఆటో మలుపు తిరిగింది. పరదా వెనక గడ్డిలో, ముక్కుపోట్ల మచ్చలతో చెక్కగుడ్డు ఉంది; ఇన్నేళ్లుగా ఆమె బొటనవేలు నిమిరిన చోట మాత్రం నున్నగా ఉంది.