సుంకమ్మ వైసు

గాలం మళ్లీ జారింది.

తిప్పయ్య మర విప్పాడు. గాలాన్ని ఇనప పట్టకారులాంటి వైసు దవడల మధ్య సరిగ్గా పెట్టి, మర బిగించి, బొటనవేలి గోరుతో కిందికి నొక్కాడు. మంచి వైసైతే గాలం వంగుతుందే కానీ కదలదు. ఇది కదిలింది. పక్కకు తిరిగి ఉమ్మబోయి, షెడ్డులో ఉన్నానని గుర్తొచ్చి మింగాడు.

ఆ షెడ్డు ఒకప్పుడు వేరుశనగ మిల్లు. వానలు మొహం చాటేసి కాయ రావడం మానేశాక మిషన్లు పాత ఇనుముకు పోయాయి. గోడల్లో మాత్రం ఇంకా పొట్టు వాసన ఉంది. ఇప్పుడు యాడికి అనే ఊరి చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు, కొద్దిమంది మగవాళ్లు అక్కడ పొడుగాటి బల్లల ముందు కూర్చుని ఈగలు కడతారు. గాలాన్ని వైసులో బిగించి, దాని మీద కోడి ఈక, నెమలి పీచు, కుందేలు బొచ్చు పెట్టి, వెంట్రుకంత దారంతో చుట్టి చుట్టి ఈగలాగా చేస్తారు. ఎక్కడో చలి దేశాల్లో నడుము లోతు నీళ్లలో నిలబడి చేపలు పట్టే దొరలకు అవి కావాలట. ఆ చేపను షెడ్డులో ఎవరూ చూడలేదు. ఊరి పక్కనున్న వంకలో ఇసుక తప్ప ఏమీ లేదు. చూడాలని తిప్పయ్యకు కోరికా లేదు. కట్టమన్నారు, కడుతున్నాడు.

అతనివి పొట్టి వేళ్లు. మడక పట్టి చేను దున్నిన వేళ్లు. చూపుడువేలి పక్కన దారం కోసిన గాడి నల్లగా పడిపోయింది. కళ్లద్దాలకు ఒక పక్క పుల్ల లేదు. దాని బదులు ఈగలు కట్టే దారమే పేని చెవికి తగిలించుకుంటాడు. దారానికి పూసే మైనం ముక్కను చొక్కా జేబులో పెట్టుకుంటాడు. ఎండకు అది కరిగి, ఉన్న రెండు చొక్కాలకూ గుండె దగ్గర ఒకే రకం మరక చేసింది. ఈగలు బాగానే కడతాడు. మరీ బాగా కట్టడు. చేను కంపచెట్ల పాలయ్యాక పెళ్లాం సుంకమ్మ వెనకాల ఇక్కడికి వచ్చాడు. పని నేర్పింది ఆమే. "గొర్రెకు తాడు కడతాండావా? మెత్తగా చుట్టు" అని అందరి ముందూ చేతి మీద కొట్టేది. ఆ మాటకు అతను ఆమెను ఎన్నడూ క్షమించలేదు. సుంకమ్మ చచ్చిపోయి రెండేళ్లు దాటింది.

పొద్దున్నే బెంగళూరు నుంచి కొత్త వైసులు వచ్చాయి. సూపర్‌వైజరు పద్మప్రియ చెక్కపెట్టె మూత ఊడబెరికి అందరినీ పిలిచింది.

"ఎవరికి ఏది కుదురుతాదో చూసి ఏరుకోండి. పాతదే కావాలంటే పాతదే పెట్టుకోండి. సాయంత్రానికి నాకు చెప్పాల. మళ్లీ మార్చేది లేదు."

పెట్టెలో రెండు రకాలున్నాయి. ఒకటి బల్ల అంచుకు బిగించేది, తల కదలనిది. ఇంకోటి బరువైన పళ్లెం మీద నిలబడేది. దాని తల గాలంతో సహా గిరగిరా తిరుగుతుంది. ఆడవాళ్లు వాటిని బయటకు తీసి, గాలం పెట్టి గోరుతో నొక్కి చూస్తున్నారు. చెవి దగ్గర పెట్టుకుని గాలాన్ని మీటి చూస్తున్నారు. బిగువు సరిగా ఉంటే అది సన్నగా మోగుతుంది. కుళ్లాయప్ప తిరిగేదాన్ని ఒళ్లో పెట్టుకుని తిప్పాడు.

"ఇది మా ఇంటామె మాదిరే ఉండాదప్పా. యాడ పట్టుకున్నా మూతి ఇంకో పక్కకు తిప్పుతాది."

"అయితే నీకు అలవాటే కదన్నా, అదే తీసుకో" అంది పద్మప్రియ.

అందరూ నవ్వారు. తిప్పయ్య నవ్వలేదు. పెట్టె దగ్గరికి వెళ్లలేదు. అతని చూపు ఎదురు బల్ల మీద ఉంది.

అక్కడ ఉమాదేవి కూర్చుని ఉంది. మొగుడు పోయాక ఆమె పనికి రావడం ఇదే మొదలు. ఓబులేష్ బండల లారీ మీద పోయేవాడు. మొన్న ఎండాకాలంలో తాడిపత్రి దారిలో టైరు పేలి, బండలు అతని మీద పడ్డాయి. పొద్దున ఆమె లోపలికి వచ్చినప్పుడు కొందరు తల వంచుకున్నారు, కొందరు దారం వెతుక్కున్నారు. ఆమె ఎవరినీ పలకరించకుండా తన చోటికి వెళ్లి, వైసు మీద కప్పిన గుడ్డ తీసి, పని మొదలుపెట్టింది. నుదురు బోసిగా ఉంది. మణికట్టు మీద గాజులు ఉండిన చోట చర్మం తెల్లగా ఉంది.

ఆ వైసు సుంకమ్మది.

షెడ్డు పెట్టిన కొత్తలో తాడిపత్రిలో లేతు మిషను మీద చేయించిన వైసులలో అదొకటి. నల్లగా, మొరటుగా ఉంటుంది. పిడి మాత్రం చేతి రాపిడికి వెండిలా మెరుస్తుంది. దోమంత గాలాన్నైనా పట్టుకునేది. సుంకమ్మ దాన్ని ఇంకొకరిని తాకనిచ్చేది కాదు.

ఆమె పసుపు కుంకుమలతో పోయింది. దినాలకు వచ్చిన ప్రతి ఆడదీ ఆ మాటే అంది, పుణ్యాత్మురాలని. మొగుడికంటే ముందు చావడం పుణ్యమైతే, బతికి ఉన్న మొగుడు ఏమిటో ఎవరూ చెప్పలేదు. ముత్తైదువగా పోయినామె వస్తువులను చేటలో పెట్టి ఇంకో ముత్తైదువకు వాయనమివ్వడం ఆ ఊళ్ల ఆచారం. చీర, రవిక, గాజులు, కుంకుమ భరిణె. షెడ్డు ఆడవాళ్లు వాటికి ఇంకొకటి కలిపారు. వైసుకు పసుపు పూసి, బొట్టు పెట్టి, చేటలో బియ్యం మీద పడుకోబెట్టి, పైన ఇంకో చేట మూసి, ఉమాదేవి చేతుల్లో పెట్టారు. ఆమె కొంగు పట్టి అందుకుంది. తిప్పయ్య గోడకు ఆనుకుని చూస్తున్నాడు. అతన్ని ఎవరూ అడగలేదు. అడిగితే వద్దనేవాడు. అది తెలిసే అడగలేదు.

అప్పటి నుంచి రోజూ ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ఓబులేష్ పోయాడన్న మాట చెవిన పడినప్పుడు అతనికి ముందు గుర్తొచ్చింది వైసు. అందుకు అతను సిగ్గుపడలేదు.

మధ్యాహ్నం గోడ నీడలో కూర్చుని సంగటి విప్పుకున్నాడు. ఊరుబిండిలో ఉప్పు ఎక్కువైంది. తను నూరుకున్న పచ్చడే. తిట్టుకోవడానికి ఎవరూ లేక అలాగే తిన్నాడు. కుళ్లాయప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పోయి ఏరుకో అన్నా. మంచివన్నీ అయిపోతాండాయి."

"నాకు కావాల్సింది ఆ పెట్టెలో లేదు."

కుళ్లాయప్ప అతని చూపు పోయిన వైపు చూశాడు. తలుపు లోపల ఉమాదేవి ఒక్కతే కూర్చుని తింటోంది. కుళ్లాయప్ప బీడీ తీయబోయి మానుకున్నాడు.

"ఒద్దన్నా. ఆయమ్మ ఈపొద్దే వచ్చింది."

"ఈపొద్దే రమ్మని నేను చెప్పినానా?"

"కొత్తది తీసుకుంటే ఏం పోతాది నీకు?"

"నీకేం పోతాది, నేను పాతది తీసుకుంటే?"

కుళ్లాయప్ప లేచి ముడ్డి దులుపుకున్నాడు. "నీతో మాట్లాడేది ఒగటే, కంపచెట్టు ఎక్కేది ఒగటే" అని వెళ్లిపోయాడు.

తర్వాత పని మళ్లీ మొదలైంది. రేకుల కప్పు ఎండకు టకటకమంది. ఫ్యాన్లు వేస్తే ఈకలు ఎగిరిపోతాయి, అందుకని వేయరు. చెమట కారి కళ్లద్దాల మీద పడుతుంటే తిప్పయ్య తన జారే వైసు మీదే గోధుమరంగు ఈగ ఒకటి కట్టాడు. తల దగ్గర ముడి వేసేటప్పుడు గాలం పక్కకు తిరిగింది. ఈగ రెక్క వంకరపోయింది. దాన్ని కోసి అవతల పారేశాడు.

ఎండ తలుపులోంచి బల్లల కిందికి వచ్చే వేళకు పద్మప్రియ అతని దగ్గరికి వచ్చింది.

"అందరూ ఏరుకున్నారు తిప్పయ్యన్నా. నువ్వొక్కడివే మిగిలినావు. ఏది కావాల?"

తిప్పయ్య లేచి నిలబడి చెయ్యి చాపాడు.

"అది."

పద్మప్రియకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు తగ్గించింది. "అది ఉమక్కది కదన్నా."

"నా పెండ్లాంది."

"వాయనం ఇచ్చినారు కదా."

"ముత్తైదువకు ఇచ్చినారు" అన్నాడు తిప్పయ్య. అతను గొంతు తగ్గించలేదు. "ఇప్పుడు ఆడ ముత్తైదువ యాడుండాది? చూపీ."

చేతులన్నీ ఆగాయి. ఎవరి చేతిలోనుంచో దారపు కండె జారి, బల్ల కింద దొర్లుకుంటూ పోయింది.

"నీ నోరు పడిపోను తిప్పయ్యా" అంది వెనక బల్ల నుంచి ఒక ముసలామె.

"పడిపోనీ. పసుపు పూసి, బొట్టు పెట్టి, మీరే ఇచ్చినారు. ఇచ్చేటప్పుడు ఆచారమా? తిరిగి అడిగేటప్పుడు కాదా? ఆపొద్దు ఒక్కరన్నా నన్ను అడిగినారా? నేనేమన్నా ఆ ఇంట్లో కట్టేసిన ఎనుమునా?"

ఆచారం వాళ్లదే.

"ఉండు బావా" అంది ఉమాదేవి. "ఇది అయిపోనీ."

ఆమె తల ఎత్తలేదు. సుంకమ్మను అక్కా అని పిలిచేది కాబట్టి అతను బావ. వైసులో ఉన్న ఈగకు ఇంకో రెండు చుట్లు చుట్టింది. తల దగ్గర ముడి వేసి, దారం తెంపి, సూది మొనతో వార్నిష్ చుక్క పెట్టింది. అది ఆరేదాకా ఊదింది. ఈగను తీసి డబ్బాలో తన వరసలో పెట్టి మూత మూసింది. ఇదంతా అయ్యేదాకా తిప్పయ్య నిలబడే ఉన్నాడు. కూర్చోవాలో వద్దో అతనికి తెలియలేదు.

ఆమె బల్ల కిందికి వంగి మర విప్పింది. వైసు ఊడి వచ్చింది. బల్లకూ మరకూ మధ్య నుంచి గుడ్డపేలిక ఏదో జారి కింద పడింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆమె వైసును కొంగుతో తుడిచి, నడిచి వచ్చి, అతని ముందు పెట్టింది.

"అక్క పోకముందు చానాళ్ల నుంచే దీని కింది మర పట్టేది లేదు. నీకు చెప్పిందా?"

తిప్పయ్య ఆమెను చూడకుండా వైసును చూశాడు.

"చెప్పింటాదిలే" అంది ఉమాదేవి. "నువ్వే ఇనిండవు."

"ఉమక్కా, నీకు తిరిగేది ఎత్తిపెట్టినా" అని పద్మప్రియ గబగబా పెట్టె వైపు నడిచింది. "అన్నిట్లోకి మంచిది. చూడు, చేతికి బలే అలవాటవుతాది."

"ఒద్దు పాపా. మడకశిరలో మా తమ్ముడు రమ్మంటాండాడు. గొర్రెలుండాయి. మేపుకుంటా." ఆమె క్యారియరు సంచిలో పెట్టుకుంది. "వాటికి ఎవరు ముత్తైదువో తెలీదు."

ఉమాదేవి చెప్పులు వేసుకుని, కొంగు తల మీదికి లాక్కుని, ఎండలోకి వెళ్లింది. రోడ్డు మీద అనంతపురం బస్సు ఆగిన చప్పుడు, మళ్లీ కదిలిన చప్పుడు లోపలికి వినబడ్డాయి. తర్వాత ఒక్కొక్కరే దారం అందుకున్నారు.

పద్మప్రియ చెక్కపెట్టెకు మూత వేసింది.

తిప్పయ్య తన పాత వైసును ఊడదీసి కింద పెట్టాడు. సుంకమ్మ వైసును బల్ల అంచుకు తగిలించి మర తిప్పాడు. మర తిరిగింది. ఇంకా తిప్పాడు. ఇంకా తిరిగింది. బిగువు అనేదే దొరకలేదు. మర చుట్లు ఎప్పుడో అరిగిపోయాయి. చెయ్యి వదలగానే వైసు ఒక పక్కకు ఒరిగిపోయింది. నిలబెట్టి, ఎడమ చేత్తో పట్టుకుని, గాలం పెట్టి గోరుతో నొక్కాడు. దవడలు గట్టిగానే ఉన్నాయి. గాలం వంగింది, కదలలేదు. చెయ్యి తీస్తే వైసు మళ్లీ ఒరిగింది. పక్క బల్ల ఆడవాళ్లు స్టూళ్లు కొంచెం అవతలికి జరుపుకుని అతనికి వీపు తిప్పారు.

ఉమాదేవి దీన్ని ఎలా నిలబెట్టిందో చూద్దామని లేచి ఎదురు బల్ల దగ్గరికి వెళ్లాడు. స్టూలు కాళ్ల మధ్య ఆ గుడ్డపేలిక పడి ఉంది. వంగి తీశాడు. పాత చీర ముక్క. మందంగా మడతలు పెట్టి, చుట్టూ ఈగలు కట్టే నల్లదారంతో కుట్టి ఉంది. కుట్టు చివర ఈగ తలకు వేసే ముడే వేసి ఉంది. అది ఈ షెడ్డులో అందరూ వేసే ముడే. మధ్యలో మర నొక్కుకుపోయిన గుండ్రటి గుంట. ఒక మూల వెలిసిపోయిన పసుపు మరక. బల్లకూ మరకూ మధ్య ఇది పెడితేగానీ ఆ వైసు నిలబడదు.

అతను దాన్ని కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. రంగు ఆకుపచ్చ కావచ్చు. నీలం కూడా కావచ్చు. సుంకమ్మకు ఇలాంటి చీర ఉండేదా అని గుర్తు చేసుకోబోయాడు. ఆమెకున్న ఏ చీరా గుర్తు రాలేదు. ఆమె వంచిన మెడ గుర్తొచ్చింది. చేతి మీద కొట్టిన దెబ్బ గుర్తొచ్చింది. చీర ఏదీ రాలేదు.

"ఇది..." అని చుట్టూ చూశాడు. ఏ తలా లేవలేదు.

సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు తిప్పయ్య వైసును సంచిలో వేసుకుని అందరికంటే ముందు వెళ్లిపోయాడు. పద్మప్రియ ఒక్కొక్క బల్లా తుడుచుకుంటూ వచ్చి, ఉమాదేవి చోట చెయ్యి ఆపింది. ఖాళీ అంచు మీద, ఎవరో తీసి మళ్లీ జాగ్రత్తగా పెట్టినట్టు, మర గుంట పైకి కనబడేలా, ఆ చీర ముక్క ఉంది.