తోలు దారం కోసే చెక్క

మునెప్ప బొటనవేలు తెగిన సంగతి మొదట కనిపెట్టింది మునెప్ప కాదు, మైమూన్ బీ.

మదనపల్లెలో జట్కా గుర్రాలకు కళ్ళేలు, పగ్గాలు, కొరడాలు కుట్టే ఖాజా మొహిద్దీన్ భార్య ఆమె. మందపాటి తోలు కుట్టడం భర్త పని. సన్నటి తోలు దారాలను జడలుగా అల్లి కొరడాలకూ పగ్గాలకూ తొడగడం ఆమె పని. ఆ దారం కోసి ఇచ్చేది మునెప్ప. పుంగనూరు రోడ్డులో రెండు కోసుల దూరాన అతని పల్లె. వారానికి రెండు రోజులు వచ్చి ఖాజా అంగడి అరుగు మీద కూర్చుని, పొద్దు వాలేదాకా దారం కోసి వెళ్లేవాడు. ఇరవై రెండేళ్లుగా అదే వరస.

1976 ఎండాకాలంలో ఒకరోజు మైమూన్ బీ దారం చుట్ట విప్పి, తలుపు చాటు నుంచి పిలిచింది.

"మునెప్పన్నా, దారం తడిగా ఉండాదే. ఎర్రగా గూడా ఉండాది. సూడన్నా."

మునెప్ప చుట్టను చూశాడు. తర్వాత తన చేతిని చూసుకున్నాడు. ఎడమ బొటనవేలు పక్కగా, గోరు కింద నుంచి కణుపుదాకా తెగి ఉంది. రక్తం మోకాలి మీద పంచెను తడిపి, అరుగు మీదికి కారింది. అతనికి ఏమీ తెలియలేదు. చీమ కుట్టినంత కూడా తెలియలేదు.

మూడేళ్ల కిందట అతనికి పెద్దరోగం, అంటే కుష్టు అన్నారు. వీపు మీద, మోచేతుల దగ్గర పాలిపోయిన మచ్చలు వచ్చాయి. నెలకోసారి జీపులో వచ్చే డాక్టరు తెల్ల మాత్రలిచ్చాడు. మునెప్ప ఒక్క పూట కూడా తప్పకుండా మింగాడు. మచ్చలు పోయాయి. కానీ కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు లోపలికి ముడుచుకుని అలాగే ఉండిపోయాయి. రెండు చేతులూ మొద్దుబారాయి. పల్లెలో కొందరు అతను ముట్టిన చెంబు ముట్టడం మానేశారు. ఖాజా మాత్రం ఎప్పటిలాగే తన టీ గ్లాసు పక్కన అతనికో గ్లాసు పెట్టేవాడు.

తెగిన వేలు చూసి డాక్టరు అన్నాడు. "రోగం పోయింది మునెప్పా, నీ వల్ల ఎవరికీ ఏమీ అంటదు. కానీ చచ్చిన నరం తిరిగి రాదు. కత్తికీ, నిప్పుకీ, గట్టిగా లాగే పనులకీ దూరంగా ఉండు. రోజూ సాయంత్రం చేతులు తిప్పి తిప్పి చూసుకో. నీ చేతులకు ఇప్పుడు కళ్ళే దిక్కు."

మునెప్ప చెవికి ఎక్కింది కత్తి ఒక్కటే. వెంట వెళ్లిన ఖాజా చెవికి ఎక్కిందీ అదే.

దారం కోయడం మునెప్పకు తండ్రి నేర్పిన పని. తోలును జల్లెడ అంత గుండ్రంగా కోసి, అంచున గాటు పెట్టి, దాన్ని తిప్పుకుంటూ చుట్టూ కోస్తూ లోపలికి వెళ్లాలి. చివరికి అరచేతిలో రూపాయి బిళ్లంత ముక్క మిగులుతుంది. తక్కినదంతా తెగని ఒకే దారం. వెడల్పు కొలవడానికి గీత ఉండదు, కొలబద్ద ఉండదు. రంపె అనే వెడల్పాటి తోలు కత్తి కుడిచేతిలో ఉంటే, దాని మొన పక్కన ఎడమ బొటనవేలి గోరును తోలు అంచుకు ఆనించి, ఆ సందు ఎంతో అంతే దారం. ఆ వేలికి ఇప్పుడు అంచు తగిలిందో లేదో కూడా తెలియదు.

ఎనిమిది నెలలు మునెప్ప అంగడికి రాలేదు. భార్య అంకమ్మ వేరుశెనగ చేలలో కూలికి పోతే, అతను గుడిసె ముందు కూర్చునేవాడు. ఖాజా తానే దారం కోయబోయాడు. ఒకచోట వెడల్పు, ఒకచోట పీలిక. మైమూన్ బీ అల్లిన జడ ఎలుకను మింగిన పాములా అక్కడక్కడా ఉబ్బింది. ఆమె విప్పి పక్కన పెట్టింది.

మరుసటి వారం ఖాజా మునెప్ప పల్లెకు వెళ్లాడు.

"కత్తి పట్టుకోవద్దన్నారు గానీ పని చెయ్యొద్దన్లేదు గదప్పా. నీ చెయ్యికి సరిపోయే పనిముట్టు యాడో ఒకచోట ఉంటాది. లే, పోదాం పా."

ముందు పుంగనూరులో సిద్దప్ప కొలిమికి వెళ్లారు. సిద్దప్ప మునెప్ప పిడికిలిని మట్టిలో అచ్చు తీసుకుని, దానికి సరిగ్గా సరిపోయే లావుపాటి పిడితో రంపె చేశాడు. పిడి బాగానే కుదిరింది. కానీ తోలును పట్టుకోవాల్సిన ఎడమచెయ్యి కత్తి పక్కనే ఉండాలి కదా. రెండో చుట్టులోనే అరచేయి అంచు తెగింది. మునెప్ప కోస్తూనే ఉన్నాడు. సిద్దప్ప లేచి వచ్చి కత్తి తీసేసుకున్నాడు.

"ఇది నేను నీకియ్యలేనప్పా. పాపం తగుల్తాది నాకు. కుప్పంలో నారాయణస్వామి అని ఒకాయన ఉండాడు. బంగారు గనుల్లో దొరల గుర్రాలకు జీన్లు కుట్టినోడు. ఆయన దగ్గర వేరే తీరు సామాన్లు ఉండాయంటారు. పోయి సూడండి."

పలమనేరులో బస్సు మారి మధ్యాహ్నానికి కుప్పం చేరారు. రైల్వే స్టేషను వెనక వీధిలో నారాయణస్వామి ఇల్లు. డెబ్బై ఏళ్ల మనిషి. మునెప్ప చేతులు చూశాడు. లోపలికి పిలిచి, రెండు పనిముట్లు తెచ్చి చాప మీద పెట్టాడు.

మొదటిది ఇనపది. తుపాకీ పిడిలాంటి పిడి, ముందుకు పొడుచుకొచ్చిన ఇత్తడి పట్టీ, దాని మీద కొలత గీతలు, పిడి దగ్గర నిలబెట్టిన చిన్న కత్తి. పట్టీని జరిపి మర బిగిస్తే వెడల్పు ఖాయం. పిడికిలితో పట్టుకుని తన వైపుకు లాగాలి. నారాయణస్వామి ఒక్క లాగుడుకు మూరెడు దారం తీశాడు. మునెప్ప ఆ దారాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

అతను పిడి పట్టుకున్నాడు. చాలాసేపు ఊరికే పట్టుకునే ఉన్నాడు.

"బరువు బాగుండాది సాయిబూ," అన్నాడు.

లాగాడు. రెండుసార్లు బాగానే వచ్చింది. మూడోసారి, ముడుచుకున్న రెండు వేళ్లూ పట్టు ఇవ్వక పనిముట్టు చేతిలో పక్కకు తిరిగింది. దారం తెగిపోయింది.

"పిడికి గుడ్డ చుట్టి, మణికట్టుకు పట్టీతో కట్టుకుంటే నిలుస్తాదేమో," అన్నాడు నారాయణస్వామి. "నెల దినాలు అలవాటు కావాల. సెప్పలేను."

రెండోది అరచేతి అంత చింత చెక్క. దానికి సన్నటి గాడి, గాడిలో అడ్డంగా దూర్చిన బ్లేడు ముక్క. చెక్కను పలకకు మేకులతో కొట్టేసి, తోలు కొసను గాడిలోంచి దూర్చి లాగుతూ పోతే, వెనక తోలు తిరుగుతూ దానంతట అదే దారమై వస్తుంది. బ్లేడు బయటికి కనిపించనే కనిపించదు.

ఖాజా మొహం విప్పారింది. "ఇదే. కత్తి లోపలుండాది. నీ చెయ్యికీ దానికీ జానెడు దూరం. ఇంకేం కావాల?"

"ఆ ఇనపది ఇంకోసారి సూస్తా సాయిబూ."

"యాల? మళ్లా తెగినాక సూస్తావా?"

మునెప్ప ఇనప పనిముట్టును చాప మీద మెల్లగా పెట్టేశాడు. ఇంటికి వచ్చేదాకా బస్సులో చెక్కను ఒడిలోనే పెట్టుకున్నాడు.

తర్వాతి నాలుగు నెలలు బాగా గడిచాయి. మునెప్ప మళ్లీ అరుగు మీదికి వచ్చాడు. పలకను కాళ్ల మధ్య పెట్టుకుని లాగుతుంటే, దారం గాడిలోంచి సరసరా వచ్చేది. మొదటి చుట్ట విప్పి చూసి మైమూన్ బీ, "అన్న దారం అన్నదే," అంది. జట్కావాళ్లు ఆగి ఆ చెక్కను చూసి వెళ్లేవారు. అంకమ్మ ఒకరోజు అంగడికి వచ్చి, కాసేపు నిలబడి భర్త పని చేస్తుంటే చూసింది. తిరిగి వెళ్లిపోయింది. దారిలో ఏడ్చిందని ఖాజాకు తర్వాత తెలిసింది.

అయితే దారం లాగాలంటే దాన్ని వేళ్లతో గట్టిగా పట్టాలి. మునెప్ప వేళ్లకు ఆ పట్టు లేదు. గుడ్డ చుట్టుకుంటే దారం జారిపోయేది. అందుకని అతను దారం కొసను కుడి చూపుడు వేలికీ నడిమి వేలికీ రెండు చుట్లు చుట్టి, చెయ్యి మొత్తంతో లాగడం మొదలుపెట్టాడు. బాగా వచ్చింది. రోజుకు వందలసార్లు అలా లాగాడు. దారం వేళ్ల మీద రాసుకుని తోలు లేచింది. లేచిన చోట పుండు పడింది. పుండులోనే మళ్లీ దారం పడింది. నొప్పి ఉంటే చెయ్యి ఆగేది. లేదు కాబట్టి ఆగలేదు.

పుండు అతను చూడలేదని కాదు. చూశాడు. ఇంటికి వెళ్లి పసుపు అద్ది, గుడ్డ కట్టుకునేవాడు. అంగడికి వచ్చే ముందు విప్పేవాడు. వేళ్ల మీద తోలుకు వేసే నల్లరంగు పూసుకునేవాడు, ఖాజాకు కనిపించకుండా.

ఒకరోజు పొద్దున సంగటి ముద్ద పెడుతూ అంకమ్మ ఆగిపోయింది.

"ఏందిది? కుళ్లిన వాసన."

"తోలు వాసన లే."

"నలభై ఏండ్లాయ తోలు వాసన సూస్తాండా. ఇది తోలు కాదు. ఇట్ల ఇయ్యి చెయ్యి."

గుడ్డ విప్పింది. నల్లరంగు కింద వేలు వాచి చీము పట్టి ఉంది. ఒకచోట తెల్లగా ఎముక కనిపించింది. ఆమె గుడ్డను మళ్లీ కట్టలేక, చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఆసుపత్రిలో రెండు వేళ్లూ తీసేశారు. తీసే ముందు డాక్టరు అడిగాడు.

"ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలయిండొచ్చు."

"మరి ఎందుకు రాలేదు? వచ్చుంటే మందుతో పోయేది."

"వస్తే చెక్క వద్దంటారని రాలేదు సార్."

 ఆ మాట బయట నిలబడిన ఖాజాకు వినిపించింది.

కుడిచేతికి ఇక బొటనవేలు, ముడుచుకున్న రెండు వేళ్లు మిగిలాయి. దారం సంగతి అటుంచి, సంగటి ముద్దను చారులో అద్దుకోవడం కూడా కష్టమైంది. అంకమ్మ కూలికి వెళ్లే ముందు ముద్దను చిన్న చిన్న ఉండలు చేసి పళ్లెంలో పెట్టి వెళ్లేది. ఎనుము తోలు, ఎద్దు తోలు అన్నీ పచ్చిగానే లారీల్లో వాణియంబాడి తోలు ఫ్యాక్టరీలకు పోతున్న రోజులవి. ఊళ్లో పచ్చి తోలును ఊని పదును చేసేవాళ్లూ తగ్గిపోయారు. రెండేళ్లు తిరిగేసరికి మదనపల్లెలో జట్కాలు పది కూడా లేవు. ఖాజా సైకిలు సీట్లకు రెక్సిన్ కవర్లు కుట్టడం మొదలుపెట్టాడు. మైమూన్ బీకి అల్లడానికి ఏమీ లేకపోయింది.

1981లో, వానలు పడని ఆ శ్రావణంలో, ఖాజా ఒక పగలు మునెప్పను చూడటానికి వెళ్లాడు. మనసులో నాలుగేళ్లుగా ఉన్న మాట ఆ రోజు అడిగేశాడు.

"మునెప్పా, ఆ పొద్దు కుప్పంలో ఇనపది తెచ్చుకోనుంటే నీ వేళ్లు ఉండేవేమో కదా. నువ్వు ఇంకోసారి సూస్తానంటివి. నేనే వద్దంటి."

మునెప్ప గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యికి కొత్తగా కట్టు ఉంది. టీ గ్లాసు వేడి తెలియక కాలిందని అంకమ్మ చెప్పింది.

"నువ్వు యాడ వద్దంటివి? చెక్కనే ఏరుకునింది నేను. నీకు గురుతు లేదు సాయిబూ."

ఖాజాకు అంతా గుర్తుంది. తను అన్న మాట, మునెప్ప ఇనప పనిముట్టును చాప మీద పెట్టిన తీరు, ఏదీ మరవలేదు. ఎదురు చెప్పబోయి, మునెప్ప మొహం చూసి ఆగిపోయాడు. కాసేపు వానల సంగతి మాట్లాడుకున్నారు. అంకమ్మ మజ్జిగ తెచ్చింది. మునెప్ప గ్లాసును రెండు మణికట్ల మధ్య పెట్టుకుని తాగాడు.

ఖాజా లేచాడు. "మళ్లా వస్తా," అన్నాడు.

"రా సాయిబూ. నేనీడనే గదా ఉండేది."

ఆ ఏడాది ఖాజా ఇంకోసారి వెళ్లాడు. ఆ తర్వాత వెళ్లలేదు. వెళ్తే మళ్లీ ఆ మాటే అడుగుతానని, అతను మళ్లీ అదే అబద్ధం చెబుతాడని భయం. పుంగనూరు బస్సు అంగడి ముందు నుంచి పోయినప్పుడల్లా తల వంచుకుని మిషను తొక్కేవాడు. మునెప్ప పోయాడన్న కబురు 1984లో, పోయిన పది రోజులకు, టీ అంగడిలో ఎవరో చెబితే తెలిసింది.