ఎత్తేదీ ఒక్కడే ఎత్తాలి

నందిగామ కాలేజీ ఆఫీసు కిటికీ ముందు ఇశ్రాయేలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జగ్గయ్యపేట సిమెంటు గోడౌన్లో బస్తాలు మోసే మా ముఠాకి ఆయనే మేస్త్రి. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. పక్కన ఆయన కూతురు పరిమళ. సోమవారం నుంచి ఆ పిల్లకి డిగ్రీ ఆఖరి పరీక్షలు.

"ఫీజు రీయింబర్స్‌మెంట్ రిజెక్టయింది. ఫీజు కట్టందే హాల్ టికెట్ ఇవ్వం," అన్నాడు గుమాస్తా.

"ఎందుకండీ? ఆదాయం కాయితం కూడా పెట్టాం గదండీ."

"నీ ఖాతాలో లక్షలు పడుతున్నాయంట. పేదోణ్ణని రాయడానికి సిగ్గులేదా?"

వరసలో ఉన్న పిల్లలంతా వినేలా అన్నాడు. ఇశ్రాయేలు కనురెప్పల మీద అప్పటికింకా సిమెంటు దుమ్ముంది. అది కనపడలేదు మహానుభావుడికి. నాకు ఒళ్లు మండిపోయింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ లక్షలు ఎవరివో చెబుతాను వినండి. మా అందరివీ. ముఠా కూలి మొత్తం మేస్త్రి ఖాతాలో పడుతుంది. శనివారం సాయంత్రం లారీ కాటా పక్కన కూర్చుని ఆయన పంచుతాడు. మా ఆనవాయితీ అది. "తలా ఒక ఖాతా ఎందుకయ్యా, మీరంతా ఒకటే గదా" అని కాంట్రాక్టరు భవానీప్రసాద్ అంటే పొంగిపోయాం, మా ఐకమత్యం చూసి ముచ్చటపడ్డాడనుకుని. తీరా చూస్తే అతని కాగితాల్లో ఇశ్రాయేలు సబ్‌కాంట్రాక్టరు. మేం అసలు లేనే లేం. లేనివాళ్లకి పీఎఫ్ ఎందుకు, నడుం విరిగితే ఆస్పత్రి ఎందుకు! పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, మా కూలి మోసినందుకు ఇశ్రాయేలు కూతురి చదువుకే ఎసరొచ్చింది.

ఆ సాయంత్రం పరిమళతో సహా ముఠా అంతా గోడౌన్ వెనక కూర్చున్నాం.

"తలా కాస్త వేసుకుని ఫీజు కట్టేద్దాం," అన్నాను నేను.

ఒలికిన సిమెంటు ఊడ్చే దేవమణి నా మీద ఇంతెత్తున లేచింది. "ఈ ఏడు కడతావు. వచ్చే ఏడు ఖాతా నీ పేరుకి మారుద్ది, నీ కొడుకు చదువు ఆగుద్ది. అప్పుడెవరు కడతారు?"

"పోనీ ఎమ్మార్వో ఆఫీసుకెళ్లి ఆ కూలి మాదని చెబుదాం," అన్నాను మళ్లీ.

"చెబితే రేపు పన్లోకి రానిస్తాడా?" అన్నారు వెనక నుంచి ఎవరో.

అంతలో భవానీప్రసాదే కారు దిగాడు. కబురు ఎలా అందిందో! "ఆడపిల్ల చదువు, ఫీజు నేను కడతా. ఇశ్రాయేలూ, సబ్‌కాంట్రాక్టర్నని ఇక్కడొక సంతకం పెట్టు. ఆఫీసుల చుట్టూ తిరగమాకండి."

ఇశ్రాయేలు పెన్ను అందుకున్నాడు. కన్నతండ్రి మరి.

"నాన్నా, నా హాల్ టికెట్టు కోసం వీళ్లందర్నీ తాకట్టు పెడతావా?" అంది పరిమళ.

"పరీక్ష పోద్దమ్మా."

"పోతే మళ్లీ రాస్తా. ఈ సంతకం మళ్లీ చెరపలేం."

ఇశ్రాయేలు పెన్ను తిరిగి ఇచ్చేశాడు.

కారు వెళ్లిపోయాక దేవమణి ఉన్నట్టుండి నవ్వింది. "కాయితాల్లో సంపాదించేది ఒక్కడే గదా. అయితే ఎత్తేదీ ఒక్కడే ఎత్తాలి."

మర్నాడు మేమంతా వేళకే వచ్చి గేటు దగ్గర కూర్చున్నాం. ఇశ్రాయేలు ఒక్కడే బస్తా భుజానికెత్తుకుని, చెక్క మీదుగా లారీ ఎక్కి, దించి, మళ్లీ వచ్చాడు. గరికపాడు రోడ్డు మీద లారీలు ఆగిపోయాయి. తిట్టుకుంటూ వచ్చిన డ్రైవర్లు సంగతి విని మా పక్కనే చతికిలపడ్డారు. నందిగామ బస్సు దిగి పరిమళ స్నేహితులొచ్చారు. "లక్షాధికారి బస్తాలు మోస్తున్నాడు, వచ్చి చూడండి సార్!" అని రెవెన్యూ ఆఫీసుకి ఒకటే ఫోన్లు. చివరికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి నిలబడ్డాడు. ఎండ నడినెత్తికొచ్చినా లారీలో ఒక్క వరసా పూర్తికాలేదు.

భవానీప్రసాద్ పిలిస్తే పోలీసులొచ్చారు. "పని ఆపిందెవడ్రా?" అన్నాడు ఎస్సై.

"ఎవరూ ఆపలేదండీ. సబ్‌కాంట్రాక్టరు గారు చేస్తూనే ఉన్నారు గదండీ," అన్నాను.

ఎస్సైకి తిక్కరేగి ఇశ్రాయేలుని జీపెక్కించాడు. ఆయన భుజం మీది బస్తా కిందపడి పగిలింది.

"ఇంకా కూర్చున్నారేంటి? లేచి లోడు చెయ్యండి!" భవానీప్రసాద్ అరిచాడు.

"మేమెవరమండీ?" అంది దేవమణి. "మీ కాయితాల్లో మేం లేం గదండీ."

అతను ఒకరి వంక వేలు చూపించి ఆగిపోయాడు. ఇన్నేళ్లు మా చేత మోయించాడు, ఒక్క పేరూ తెలీదు.

"వీళ్లు మీ మనుషులా, కాదా?" ఇన్‌స్పెక్టరు అడిగాడు. అవునంటే పేర్లు రాయాలి. కాదంటే లారీ కదలదు. భవానీప్రసాద్ జేబులోంచి ఫోను తీసి చూసుకోసాగాడు.

"మేమే చెబుతాం, రాసుకోండి సార్," అంది పరిమళ.

దేవమణి లేచి పేరు చెప్పింది. తర్వాత నేను. తర్వాత వరసగా అందరూ, జీపులో ఉన్న ఇశ్రాయేలుకి వినపడేలా.

ఇది రాసేనాటికి ఆయన ఇంకా స్టేషన్లోనే ఉన్నాడు. హాల్ టికెట్ రాలేదు. లారీ కూడా కదల్లేదు. సోమవారం పొద్దున్నే పరిమళ వెంట కాలేజీకి ముఠా అంతా వెళ్తున్నాం. ఆ కిటికీ ముందు వరసలో నిలబడి, ఆ లక్షలు ఎవరివో గుమాస్తాకి ఒక్కొక్కరం చెబుతాం.