ఇంటికట్ట

తెల్లారి ఆరున్నరకే సొన్నమ్మ మోకాళ్ల లోతు వంకలో నిలబడి పాలకూర కట్టలు ముంచుతూ ఉంది. ముంచక తప్పదు. తడి మెరుపు లేని ఆకుకూరను యలహంకలో ఎవరూ ముట్టరు. ఒక చేత్తో నురగను పక్కకు తోసి, అది మళ్లీ మూసుకునేలోగా కట్టను ముంచి లాగడం ఆమెకు బాగా అలవాటైపోయింది. వాసన సంగతి ఇక చెప్పేదేముంది! ఎగువన అపార్ట్‌మెంటులో నాలుగు వందల కుటుంబాలు ఒకేసారి నిద్ర లేచే వేళ అది.

"బిరబిరా కానీ మే. ఎండెక్కితే వాడిపోతాయి," అన్నాడు గట్టు మీది నుంచి ఆమె మొగుడు కదిరప్ప. అతను నీళ్లలో దిగి రెండు నెలలైంది. పిక్కల మీద పుండ్లు మానడం లేదు.

ఎనభై కట్టలు. అన్నీ అమ్మకానికే. ఒకప్పుడు అలా కాదు. కదిరప్ప ఇంట్లో తాతల నాటి పద్ధతి ఒకటుంది: మడిలో కోసిన మొదటి కట్ట ఇంటికి, తక్కినవి గంపకు. దాన్ని ఇంటికట్ట అనేవారు. కాపురానికి వచ్చిన కొత్తలో గంప నెత్తికెత్తుతూ కదిరప్పే ఆమెకు నేర్పించాడు: "ఎవురన్నా అడిగితే ధైర్యంగా చెప్పు. మేము తినేదే అమ్ముతామని." ఆ మాట మీదే సొన్నమ్మ ఇరవై ఏళ్లు కూర అమ్మింది. మొన్న ఉగాది తర్వాత ఇంటికట్ట ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు. ఒకరోజు పప్పులో ఆకు వేయబోతే చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చింది, అంతే. ఎందుకని కదిరప్పా అడగలేదు.

తప్పు ఎవరిదంటే ఏం చెబుతాం! అపార్ట్‌మెంటు లేచిన మొదటి ఏడాది, నడి ఎండాకాలంలో కూడా వంక పారింది. నల్లటి నీళ్లు. ఆ నీళ్లకు ఆకు ఏనుగు చెవంత పెరిగింది. పెంట ఎరువు బండి మూడు వేలు; ఆ ఖర్చు తప్పిందని కదిరప్ప మురిసిపోయాడు. "గంగమ్మే ఎరువు మోసుకొస్తా ఉండాది," అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఇక బావి దండగ అనుకుని, అపార్ట్‌మెంటు పునాదుల్లో తవ్విన మట్టిని ఉచితంగా తోలించుకుని, తాత తవ్వించిన బావిని పూడ్చేసి, దాని మీద రెండు మడులు ఎక్కువ వేసుకున్నాడు. అయ్యో, బంగారం లాంటి బావి! రెండేళ్లకు వంకలో నురగ మొదలైంది. మొర పెట్టుకోవడానికి పోతే, అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ మోహన్‌కుమార్ మర్యాదగానే కూర్చోబెట్టి, మురుగును శుభ్రం చేసే మిషను చూపించాడు. మిషను తళతళలాడుతోంది. అది తిరిగేది మాత్రం తనిఖీకి వచ్చిన రోజే. ఆ తనిఖీ ఆఫీసువాళ్లు సీసాలో వంక నీళ్లు పట్టుకుపోయి ఎనిమిది నెలలైంది. ఆ సీసా ఏమైందో దేవుడికే తెలియాలి.

ఎనిమిదింటికి సొన్నమ్మ ఆ అపార్ట్‌మెంటు గేటు పక్కనే గంప దించింది. కట్ట పదిహేను రూపాయలు. ఎవరి మురుగు వాళ్లకే ఆకై తిరిగి వస్తోందని మొదట్లో కసిగా నవ్వుకునేది. ఆ నవ్వు ఎప్పుడో పోయింది.

పది కట్టలు అమ్మాక, మూడో అంతస్తు గీతాంజలి చంకలో బిడ్డతో వచ్చింది. విజయవాడ పిల్ల. తెలుగులో మాట్లాడుకోవచ్చని రోజూ సొన్నమ్మ దగ్గరికే వస్తుంది.

"సొన్నమ్మా, నిన్న మా బాబుకి అన్నప్రాశన అయింది. డాక్టర్ వెజిటబుల్స్ స్టార్ట్ చేయమన్నారు. లేతగా ఉన్న పాలకూర ఒక కట్ట ఇవ్వు, మెత్తగా ఉడికించి పెడతాను. ఫ్రెష్‌దేగా?"

"ఇప్పుడే కోసిందమ్మా."

"మీ ఇంట్లో కూడా ఇదే తింటారుగా?"

మాటవరసకే అడిగింది. జవాబు సొన్నమ్మ నాలుక చివరే ఉంది, ఇరవై ఏళ్ల మాట. అంతలో బిడ్డ వంగి, ఒక ఆకును పిడికిట పట్టి నోట్లో పెట్టుకోబోయాడు. సొన్నమ్మ ఆ చిన్న పిడికిలి విప్పి ఆకు లాగేసింది. బిడ్డ కేరుమన్నాడు.

"వద్దమ్మా. ఈ కూర బిడ్డకి పెట్టొద్దు. మేమే తినడం ల్యా."

గీతాంజలి ముఖం పాలిపోయింది. "మరి ఇన్నాళ్లూ మాకు అమ్మావు కదా?"

"అమ్మినా తల్లీ. మీ ఇండ్లలో నించి వచ్చే నీళ్లే అవి. మాకి వేరే నీళ్లు ల్యావు."

"అయితే మేం ఎక్కడ కొనాలి?"

దిగువ తోటలన్నీ ఆ వంక మీదే బతుకుతున్నాయి. గీతాంజలి బిడ్డను గుండెకు అదుముకుని, ఫోనులో ఏదో టైపు చేస్తూ లోపలికి వెళ్లిపోయింది. పావుగంట తిరక్కుండా, రోజూ కొనేవాళ్లు గంపను చూసి చూడనట్టు పోసాగారు. తొమ్మిదిన్నరకు వాచ్‌మన్ శామ్యూల్ వచ్చాడు. "అక్కా, ఇంక ఈడ కూర్చోవద్దని సెక్రటరీ సారు చెప్పమన్నాడు," అన్నాడు, ఆమె ముఖం చూడలేక.

డెబ్బై కట్టలతో తిరిగొచ్చిన గంపను చూసి కదిరప్ప గట్టు మీదే కూలబడ్డాడు. జరిగింది విని తల బాదుకున్నాడు. "హరిశ్చంద్రుని చెల్లెలివా నువ్వు? నోటికాడి కూడు నేలపాలు చేస్తివి కదే! ఇంకో పనేం తెలుసు మనకి? రేపు వేరే గేటుకి పో. నోరు మూసుకోని అమ్ముకోని రా."

సొన్నమ్మ గంపలోంచి ఒక కట్ట తీసుకుని లోపలికి పోయింది. మధ్యాహ్నం కంచంలో రాగిముద్ద పెట్టి, పక్కన పాలకూర పప్పు పోసి, మొగుడి ముందుకు జరిపింది. తనకూ వడ్డించుకుని ఎదురుగా కూర్చుంది.

"ఏందే ఇది?"

"ఇంటికట్ట. నువ్వు తిను, నేనూ తింటా. తిన్యాక నువ్వు యా గేటుకి పొమ్మంటే ఆ గేటుకి పోతా."

కదిరప్ప ముద్ద తుంచాడు. పప్పులో అద్దబోయిన చెయ్యి కంచం మీదే ఆగిపోయింది. అతను తలెత్తి పెళ్లాం వైపు చూడలేదు, గుమ్మంలోంచి బయటికి చూశాడు. ఒకప్పుడు బావి ఉన్న చోట రెండు మడులూ నల్లగా నిగనిగలాడుతున్నాయి.

సొన్నమ్మ కూడా చేత్తో ముద్ద పట్టుకుని ఎదురుచూస్తోంది. పప్పు చల్లారిపోయింది.