రెండు కాంటాల మీద గట్టయ్య

కొనేవాడు తన అవసరం బయట పెట్టకూడదు, అమ్మేవాడు తన తొందర బయట పెట్టకూడదు. తార్నాకలో కట్టెల డిపో తెరిచిన నాటి నుంచి గట్టయ్య ఈ ఒక్క సూత్రం మీదే బతికాడు. డిపోలో పొయ్యిలోకి పుల్ల లేని రోజున కూడా, అడవి నుంచి వచ్చిన లారీ ముందు నిలబడి, "ఈ తుమ్మ పచ్చిగున్నది, నాకేం అక్కర లేదు" అని ఆవలించేవాడు. లారీవాడే దిగొచ్చేవాడు.

యూనివర్సిటీ హాస్టళ్ల మెస్సుల్లో పొయ్యిలు గట్టయ్య కట్టెలతోనే మండేవి. అతని కాంటాకు పేరుంది, ఆ పేరు వెనక ఒక మొండితనమూ ఉంది. తూకం వేసేటప్పుడు హమాలీ చెయ్యి పడనిచ్చేవాడు కాదు. మొద్దు తానే ఎత్తాలి, తానే పెట్టాలి, ముల్లు తానే చూడాలి. పరాయి చెయ్యి పడితే తూకం ఎటో ఒకవైపు ఒరుగుతుందని అతని నమ్మకం. అది డిపోకు లాభం తెచ్చింది, నడుముకు నష్టం తెచ్చింది.

పందొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలంలో లారీ మీద నిలబడి మొద్దు దొర్లిస్తూ గట్టయ్య జారి కిందపడ్డాడు. లేచి దుమ్ము దులుపుకుని, ఎవరూ చూడలేదని రూఢి చేసుకుని పనిలో పడ్డాడు. తెల్లవారేసరికి నడుము పట్టేసింది.

నడుము పడితే ఎవరి దగ్గరికి పోవాలో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. మాణికేశ్వర్ నగర్‌లో రాములవ్వ ఉంది. ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి. అట్లా పుట్టినవాళ్లు కాలితో తంతే నడుము పట్టు వదిలిపోతుందని పెద్దల మాట. గట్టయ్య రెండు మూడేళ్లకోసారి ఆమెతో తన్నించుకునేవాడు, వదిలిపోయేది కూడా.

"ఎట్ల పట్టింది కొడుకా? ఏమన్న ఎత్తినవా, పడ్డవా?" అని అడిగింది రాములవ్వ.

"ఏం లేదవ్వా. పండుకుని లేస్తే పట్టింది."

ఆమె మడమ పెట్టి ఒక్క తాపు తన్నింది. ఈసారి పట్టు వదల్లేదు. సాయంత్రానికి నొప్పి నడుము దిగి, ఎడమ తొడ వెనక నుంచి పిక్క దాకా పాకింది. బొటనవేలు తిమ్మిరెక్కింది. నడుస్తుంటే ఆ కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు.

భార్య భారతమ్మకు తెలిసింది. ఆమె నోటి నుంచి తమ్ముడు సమ్మయ్యకు తెలిసింది. అంబర్‌పేట్‌లో ఎడ్లబండ్లు కిరాయికి తిప్పే మనిషి సమ్మయ్య. ఆ సాయంత్రమే వచ్చి డిపోలో మంచం అంచున కూర్చున్నాడు.

"బావా, ఇంగ నువ్వు పండుకో. డిపో నేను చూస్త."

"నువ్వు చూస్తే మూడు నెలల్ల డిపో బూడిదయితది."

"కట్టెల డిపో బూడిద గాక ఏమయితది?"

భారతమ్మ నవ్వు ఆపుకుంది. గట్టయ్యకు కోపం వచ్చింది. నడుము నొప్పి మీద వచ్చిన కోపం బేరం తెలిసినవాడి చేత కూడా తప్పుడు బేరం చేయిస్తుంది. సెలవులు అయిపోయి హాస్టళ్లు తెరిచే ముందు ఏడాది మొదటి సరుకు దింపాలి. ఆ రోజు మొదటి బండి నుంచి ఆఖరి బండి దాకా కాంటా దగ్గర తాను నిలబడి తూకం చూస్తాననీ, చూడలేకపోతే డిపో గద్దె మీద సమ్మయ్య కూర్చోవచ్చనీ భారతమ్మ ముందు మాట ఇచ్చేశాడు. అప్పటికి నిండా నెలన్నర గడువుంది. నిలబడితే మాత్రం కాలు మండిపోతోంది.

హాస్టల్ మెస్సు చూసే ఇన్నయ్య మరునాడు సరుకు సంగతి మాట్లాడటానికి వచ్చి, గట్టయ్య కూర్చున్న తీరు చూశాడు.

"సేటూ, రైల్వే క్వార్టర్ల దిక్కు పోయే గల్లీల సామ్యేలు గారని ఉన్నడు, పో. అమెరికాల చదివొచ్చిండు. మందులియ్యడు, సూదెయ్యడు, చేత్తోనే ఎన్నుపూస సర్దుతడు. మా సోమయాజులు ప్రొఫెసర్ మెడ తిరగక, నిలువునా తిరిగి పాఠం చెప్పేటోడు. ఇప్పుడు మెడ తిప్పి వెనక బెంచోళ్లను గూడ తిడుతున్నడు."

"ఆ ఎముకలు టకటకలాడించే డాక్టరేనా?"

"ఆయనే. కైరోప్రాక్టిక్ అంటరట దాన్ని."

ఆ పేరు గట్టయ్య నోట పలకలేదు గానీ, వినియోగదారుడు మెచ్చిన సరుకును చూడకుండా వదిలే అలవాటు అతనికి లేదు.

సామ్యేలు గుంటూరు వైపు మనిషి. సన్నగా, తెల్ల చొక్కాలో, బడి పంతులులా ఉన్నాడు. గదిలో ఒక పొడవాటి తోలు బల్ల, దాని తలవైపు మొహం పెట్టుకోవడానికి రంధ్రం, గోడకు వెన్నెముక బొమ్మ. మూల నేల మీద ఇళ్లలో బరువు చూసుకునే చిన్న కాంటాలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. గట్టయ్య కళ్లు ముందు వాటి మీదే పడ్డాయి.

"కూర్చోండి గట్టయ్యగారూ. నేను మందులిచ్చే డాక్టర్ని కాదండి. వెన్ను కీళ్లు చేత్తో కదిలించే చదువు చదివాను. ముందు కొన్ని అడుగుతాను."

"ముందు నేనొకటి అడుగుత. ఎముకకింత లెక్కనా, మనిషికింత లెక్కనా?"

"మనిషికేనండి. ఎముకల లెక్కన తీసుకుంటే మీరే నష్టపోతారు."

"అయితే గంపగుత్తగ మాట్లాడుకుందం. ఒక్కపాలి టక్కుమనిపియ్యి, నేను పోత."

సామ్యేలు ఆ మాట పట్టించుకోకుండా ప్రశ్నలు మొదలుపెట్టాడు. నొప్పి ఎప్పటి నుంచి? కాలిలోకి దిగుతోందా? తిమ్మిరి ఉందా? ఎక్కడైనా పడ్డారా? ఎవరైనా తొక్కడం, లాగడం చేశారా? గట్టయ్య అన్నింటికీ లారీవాడికి చెప్పినట్టే జవాబు చెప్పాడు. పడలేదు. కాలికేమీ లేదు. ఏదో చిన్న పట్టు. సరుకులో లోపం ముందే ఒప్పుకుంటే ధర పెరుగుతుంది, ఇంకా చెడితే ఎదుటివాడు బేరమే వద్దంటాడు. పైగా ఇన్నయ్య ఇక్కడికి వచ్చిపోయే మనిషి. కాలు చచ్చుబడుతోందన్న మాట హాస్టల్ దాకా పోతే సరుకు ఇంకొకరి డిపో నుంచి వస్తుంది.

"మంచిదండి. చెప్పులు విప్పి, ఆ రెండింటి మీద చెరో కాలు పెట్టి నిలబడండి. మామూలుగా నిలబడండి చాలు."

గట్టయ్య నిలబడ్డాడు. సామ్యేలు వంగి చూశాడు. గట్టయ్యా చూశాడు. కుడి కాలి కింద ముల్లు ఎక్కడో ఉంది, ఎడమ కాలి కింద ముల్లు దానికి సగానికి కొంచెం పైన ఆగిపోయింది.

"నీ కాంటాలు ఖరాబైనయి సారూ," అన్నాడు గట్టయ్య తేలిగ్గా. ఇప్పుడతను తన ఇలాకాలో ఉన్నాడు.

దిగి, మూలుగు మింగుకుంటూ, కాలితో నెట్టి కుడి కాంటాను ఎడమకు, ఎడమ కాంటాను కుడికి మార్చాడు. మళ్లీ ఎక్కాడు. తక్కువ ముల్లు మళ్లీ ఎడమ కాలి కిందికే వచ్చింది. అతనికి తృప్తి కలగలేదు. మళ్లీ దిగి, బల్ల మీద ఉన్న లావుపాటి బైబిలు తీసి ఒకదాని మీద పెట్టి చూశాడు, తర్వాత రెండోదాని మీద పెట్టి చూశాడు. రెండు ముళ్లూ ఒకే గీత మీద ఆగాయి.

"దాన్ని తూచినవాళ్లు మీరే మొదటండి," అన్నాడు సామ్యేలు.

గట్టయ్య నవ్వలేదు. బైబిలు కళ్లకద్దుకుని బల్ల మీద పెట్టి, స్టూలు మీద మెల్లగా కూర్చున్నాడు. మనిషి మాట తప్పు కావచ్చు, మంచి కాంటా తప్పు చెప్పదు. దాని లెక్క ప్రకారం అతను ఎడమ కాలిని నమ్మడం మానేశాడు. ఆ సంగతి తన దగ్గరే తాను దాచుకున్నాడు. సరుకు చూడకుండా ఎవడైనా చెయ్యి వేస్తే నష్టం ఆ చెయ్యి వేసినవాడిది కాదు, నడుము ఎవరిదో వాళ్లది. రాములవ్వ దగ్గర ఆ నష్టం ఒకసారి వచ్చింది.

"పడ్డ," అన్నాడు. "లారీ మీదికెల్లి పడ్డ. ఎవరికి చెప్పలే. తెల్లారి రాములవ్వతోని తన్నిచ్చుకున్న. ఆమె అడిగింది, ఆమెకూ చెప్పలే. గప్పటి సంది నొప్పి కాల్లకు దిగింది. బొటనవేలు నాది కానట్టున్నది."

"ఒంటికి రెంటికి ఇబ్బంది ఏమన్నా ఉందా? కూర్చునే చోట మొద్దుబారినట్టు?"

"లేదు. ఇది నిజమే చెప్తున్న."

సామ్యేలు బల్ల మీద పడుకోబెట్టి ఎడమ కాలు చాచి పైకెత్తాడు. జానెడు లేచిందో లేదో గట్టయ్య నొప్పికి పళ్లు బిగబట్టాడు. తర్వాత మడమల మీద నడవమన్నాడు. కుడి పాదం నిలిచింది, ఎడమ పాదం వాలిపోయింది.

"ఇవాళ మీ నడుం మీద చెయ్యి వెయ్యనండి."

"అట్లంటే ఎట్ల? ఎంతయితే అంత ఇస్త."

"బేరం కాదండి. పడ్డ దెబ్బకి పూస ఏమైనా చిట్లిందేమో తెలియాలి. నరం నలిగి పాదం బలం తగ్గింది. తెలియకుండా నొక్కితే ఉన్నది కూడా పోతుంది. పెద్దాసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించుకుని ఎముకల డాక్టరుకి చూపించండి. ఆయన సరేనంటే నా దగ్గరికి రండి. ఈలోగా ఒంటికి ఆగిపోయినా, కాలు ఇంకా బలహీనపడినా రాత్రా పగలా అని చూడకండి, ఆసుపత్రికి పరుగెత్తండి."

గట్టయ్య అతని మొహం చూశాడు. చేతికొచ్చిన గిరాకీని వెనక్కి పంపేవాడు రెండు రకాలు. తెలివి లేనివాడు, లేదా నిఖార్సైన సరుకున్నవాడు. సామ్యేలు తెలివిలేనివాడిలా కనపడలేదు.

ఎక్స్‌రేలో ఎముక చిట్లలేదు. పూసల మధ్య మెత్త జరిగి నరాన్ని నొక్కుతోందనీ, ఇప్పటికి కోత అక్కర్లేదనీ, బరువులు ఎత్తకుండా, గట్టిగా విరిచే పని చేయకుండా చూసుకోవాలనీ ఎముకల డాక్టరు చెప్పాడు. సామ్యేలు చేత్తో మెత్తగా చేసేదానికి సరేనని, వారానికోసారి పాదం బలం చూపించుకోమన్నాడు. గట్టయ్య ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు సామ్యేలుకు అప్పజెప్పాడు.

మొదటి రోజు సామ్యేలు చాలాసేపు మెత్తగా లాగి, పక్కకు తిప్పి, నిదానంగా ఒత్తి వదిలేశాడు. గట్టయ్య బల్ల దిగలేదు.

"చప్పుడేది?"

"రాలేదండి."

"సోమయాజులుకు వచ్చిందట గద."

"ఆయన మెడ వేరు, మీ నడుం వేరు. అయినా అది ఎముక సర్దుకున్న చప్పుడు కాదు. కీలులో గాలి బుడగ చప్పుడు. మీ కట్టె పొయ్యిలో చిటపటమంటే అన్నం ఉడికినట్టా?"

గట్టయ్యకు ఆ లెక్క సరిపోయింది. కానీ మరునాడు ఒళ్లంతా పచ్చిపుండులా ఉంటే ఆ గల్లీలోకి అరుచుకుంటూ వచ్చాడు. ఒకటి రెండు రోజులు అలా ఉండొచ్చనీ, అంతకు మించితే చెప్పమనీ, కాలిలో నొప్పి ఇంకా కిందికి దిగితే తాను చెయ్యి ఆపేస్తాననీ సామ్యేలు చెప్పాడు. అలా నొప్పి దిగలేదు. సామ్యేలు దగ్గరికి వస్తూ పోతూ ఉండాలి. ఇంట్లో చాప మీద పడుకుని నడుము లేపి దించే కసరత్తు చేయాలి. పొద్దున్నే నడవాలి. ఇవన్నీ గట్టయ్యకు మొదట గిట్టలేదు. పైసలిచ్చి పనికి మనిషిని పెట్టుకుంటే సగం పని మన చేతే చేయిస్తున్నాడని భారతమ్మతో అన్నాడు.

"మరి నడుము ఆయనదా, నీదా?" అంది భారతమ్మ చాప పరుస్తూ.

పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద నడిచేవాడు. సెలవుల్లో క్యాంపస్ ఖాళీగా ఉండేది. మొదట్లో ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టు దాకా, తర్వాత హాస్టళ్ల దాకా. ఒకనాడు ఎడమ చెప్పులోకి దూరిన గులకరాయి బొటనవేలికి గుచ్చుకుంది. గట్టయ్య రోడ్డు మధ్యలో ఆగి, ఆ రాయిని తీయకుండా ఇంకో రెండడుగులు వేశాడు. నొప్పి పుట్టింది. ఆ రోజు డిపోలో ఎవరినీ తిట్టలేదు.

సరుకు దింపే రోజు వచ్చేసరికి అతను బాగా నిలబడగలిగాడు. అయినా ఏమీ ఎత్తకూడదని సామ్యేలు గట్టిగా చెప్పి పంపాడు. హాస్టల్ వెనక మెస్సు దగ్గర కాంటా కట్టారు. ఇన్నయ్య ఒకవైపు, గట్టయ్య ఒకవైపు. బండ్లు సమ్మయ్యవే. అతను పొద్దున్నుంచీ బావ కాళ్లకేసే చూస్తున్నాడు.

మొట్టమొదటిసారిగా హమాలీ భీమయ్య చేతులు గట్టయ్య కాంటా మీద పడ్డాయి. గట్టయ్య చేతులు వెనక్కి కట్టుకుని ముల్లు చూశాడు. మధ్యమధ్య నాలుగడుగులు నడిచి వచ్చి మళ్లీ నిలబడ్డాడు. తూకం ఎటూ ఒరగలేదు.

ఆఖరి బండి వచ్చేసరికి మబ్బు కమ్మింది. బండిలో ఒక పెద్ద చింతమొద్దు ఉంది. భీమయ్య ఒక్కడి వల్ల కదల్లేదు.

"బావా, ఒక్క చెయ్యెయ్యి," అన్నాడు సమ్మయ్య. "వానొస్తే కట్టె తడుస్తది, తూకం తప్పయితది. నీ పేరే పోతది."

నిజమే చెప్పాడు. గట్టయ్య చేతులు దురద పెట్టాయి. ఇరవై ఏళ్ల అలవాటు నడుములోంచి ముందుకు వంగింది. ఇంత దూరం వచ్చి ఒక్క మొద్దు కోసం పేరు పోగొట్టుకోవాలా అనిపించింది. ఆ మాటనే తిరగేసి చూశాడు. ఇంత దూరం వచ్చి ఒక్క మొద్దు కోసం కాలు పోగొట్టుకోవాలా? మొద్దు ఎవరు ఎత్తినా అదే బరువు తూగుతుంది. అతని నడుముకు బదులు ఇంకో నడుము ఏ అంగట్లోనూ దొరకదు.

"నువ్వెయ్యి," అన్నాడు.

"నేనా?"

"డిపో నడుపుత అన్నవు గద. నడిపేటోడు మొద్దెత్తడా? నడుము వంచకు. గొంతుకూసో. మొద్దును పొట్టకు ఆనిచ్చుకో. ఇప్పుడు లెవ్వు."

సమ్మయ్య భీమయ్యతో కలిసి లేచాడు. మొద్దు కాంటా మీదికి ఎక్కింది. ఇన్నయ్య అంకె చదివాడు, గట్టయ్య తల ఊపాడు. చినుకులు మొదలయ్యే లోపు కట్టెలన్నీ షెడ్డులోకి చేరాయి.

సమ్మయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "గెలిచినవు బావా. గద్దె నీదే."

"గద్దె నాదే. ఎత్తుడు నీది. రేపు పొద్దుగాల్నే రా."

"కూలెంతిస్తవ్?"

"నీకు అవసరం లేదని చెప్పు, ఆవలించు. అప్పుడు మాట్లాడుకుందం."

సమ్మయ్య నిజంగానే ఆవలించాడు. గట్టయ్య వాన తగలకుండా కాంటాను షెడ్డులోకి తీసుకుపొమ్మని వాళ్లిద్దరికీ చెప్పి, తాను ఖాళీ చేతులతో ముందు నడిచాడు.