రెండంగుళాల మడత

సోమవారం పొద్దున్నే తెర ఉతకడం లాండ్రీ పిన్నికి ఇరవై ఏళ్ల అలవాటు. పిన్ని అంటే ఎవరో ఒకరికి కాదు, వీధి మొత్తానికి పిన్ని. తనకంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తుంటే మొదట్లో విసుక్కునేది. తర్వాత ఆ పేరే దుకాణం బోర్డు మీద రాయించేసింది. లాండ్రీ మేడ మీద గదిలో ప్రతి శనివారం మధ్యాహ్నం సినిమా సంఘం కూడుతుంది. వాళ్లకి తెరంటూ వేరే ఏమీ లేదు, పిన్ని ఇచ్చిన పెద్ద తెల్ల దుప్పటే తెర. శనివారం దాని మీద సినిమా వేస్తారు. సోమవారం పిన్ని దాన్ని తొట్టిలో నానేస్తుంది. సినిమాలోది ఏదో ఒకటి నీళ్లలోకి దిగుతుంది.

సముద్రం సినిమాకి గంపెడు ఇసక, బతికున్న పీత ఒకటి వచ్చాయి. దొంగల సినిమాకి తాళంచెవుల గుత్తి వచ్చింది, అది ఇప్పటిదాకా ఏ తాళానికీ పట్టలేదు. ప్రేమ సినిమాలంటే చెమ్కీలు తప్ప ఇంకేమీ ఉండవని పిన్నికి అనుభవం మీద తెలుసు. వీటన్నిటి గురించి ఆమెకున్న ఫిర్యాదు ఒక్కటే, తూము పూడుకుపోతోందని. "మంచుకొండల సినిమా తేండి నాయనా, నీళ్లయి పోతుంది" అని ఆమె అడగని వారం లేదు.

సంఘానికి ఒక నియమం ఉంది. సినిమా చూసిన రోజు దాని గురించి ఎవరూ నోరెత్తకూడదు. దుప్పటి ఉతికి, అందులోంచి వచ్చినదాన్ని బల్ల మీద పెట్టాక, మరుసటి శనివారమే చర్చ. ఉతక్కుండా మాట్లాడితే అది చర్చ కాదు, అరుపులు అని హెడ్‌మేడమ్ తీర్మానించింది. ఆవిడ బడి నుంచి రిటైరై తొమ్మిదేళ్లయినా తీర్మానాల నుంచి రిటైర్ కాలేదు. బస్సు కండక్టరు నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి, పాపం ఆ వారమంతా అతను పిన్నికి ఎదురుపడకుండా వెనక సందులోంచి డ్యూటీకి వెళ్లేవాడు.

ఈ నెల సినిమాలు తెచ్చే వంతు ఆ కండక్టరుది. అన్నీ ఆఫ్రికా యుద్ధాల సినిమాలే తెచ్చాడు, అన్నిట్లోనూ తుపాకీ పట్టిన పిల్లలే. మొదటిదానికి పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు తొట్టిలో గలగలమన్నాయి. రెండోదానికి చిన్న చెప్పు ఒకటే వచ్చింది, జత కోసం పిన్ని తూములో చెయ్యి పెట్టి మరీ వెతికింది. ఇప్పుడు మూడోది. నాలుగు నీళ్లు మార్చినా ఎర్రమట్టి దిగుతూనే ఉంది.

చేతులు మోచేతుల దాకా ఎర్రబడి ఉండగా బేకరీ అన్నయ్య వచ్చాడు. అతనిది అక్కడెక్కడో ఆఫ్రికాలో ఒక దేశం. ఇరవై నాలుగో ఏట ఇక్కడికి వచ్చి, రొట్టెల బట్టీ దగ్గర పనికి కుదిరి, ఈ ఊరి అమ్మాయినే చేసుకుని, ఇక్కడి వాళ్లకంటే బాగా వెటకారమాడడం నేర్చుకున్నాడు. చేతిలో ఏప్రన్ల మూట ఉంది, చంకలో ఒక కాగితం.

"పిన్నిగారూ, ఇది కాస్త చదివి పెట్టండి. అమ్మాయి పెళ్లి కార్డు. ప్రెస్సువాడు సోమవారం అచ్చు వేస్తానన్నాడు. అంటే ఇవాళ కాదు, వచ్చే సోమవారం."

పిన్ని చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. అన్నీ సరిగానే ఉన్నాయి. పెద్దల పేర్ల వరసలో మాత్రం ఒక పేరుకి ముందు చిన్న ఖాళీ, ఆ ఖాళీలో పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం ఉన్నాయి.

"ఇదేంటి అన్నయ్యా?"

"మా అక్క పేరండీ. ముందు కీర్తిశేషురాలని వెయ్యాలా, వద్దా అని ప్రెస్సువాడు అడుగుతున్నాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి."

అతను బయల్దేరి వచ్చిన ఏడాదికే వాళ్ల ఊరిమీద యుద్ధం పడింది. రాసిన ఉత్తరాలన్నీ తిరిగొచ్చాయి. అవి అతని జేబుల్లో మడతలు పడి ఉండేవి, ఉతికేముందు తీసి దాచి ఇచ్చింది పిన్నే. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కేనట.

"కబురేమైనా వచ్చిందా? ఎవరైనా చూసొచ్చారా? లేదు కదా. మరి ఎవరు చంపారయ్యా ఆవిణ్ణి? నువ్వూ, ఆ ప్రెస్సువాడూనా?"

"ఇరవై ఎనిమిదేళ్లు పిన్నిగారూ. ఉందని వేసి, లేకపోతే ఆమె కోసం నేను ఏడవనైనా ఏడవనట్టు. లేదని వేసి, ఉంటే నా చేత్తో నేనే పూడ్చిపెట్టినట్టు." అతను ఎప్పటిలాగే నవ్వబోయాడు గాని, కుదరలేదు. "అందుకే మీ సినిమాలకి రాను. ఆ గుంపుల్లో ప్రతి ఆడమనిషి మొహమూ వెతుక్కోవాలి."

పిన్ని కాగితం అతనికి తిరిగి ఇచ్చేసింది. అతని ఏప్రన్లు లెక్కెట్టకుండానే లోపల పెట్టేసింది. అతను వెళ్లాక ఐదో నీళ్లు పోసింది. అప్పుడు తొట్టి అడుగునుంచి ఒక చొక్కా పైకి తేలింది.

సిపాయి చొక్కా అది, కానీ పదేళ్ల పిల్లాడి సైజు. పెద్దవాళ్ల చొక్కాని కత్తిరించి చిన్నది చేసి కుట్టారు. మంగళవారం ఇస్త్రీ చేస్తూ అంచు తిరగేసి చూసి పిన్ని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. లోపల రెండంగుళాల గుడ్డ మడిచి వదిలారు. చేతుల దగ్గరా అంతే. పిల్లాడు ఎదుగుతాడని, ఎదిగితే విప్పుకోవచ్చని తల్లులు వదిలే మడత అది. ఆ పిల్లాడు సినిమాలో చచ్చిపోతాడని మేడ మీంచి దిగివచ్చిన మొహాలు చూసే ఆమెకి తెలిసిపోయింది. చచ్చిపోయే పిల్లాడి చొక్కాకి పెరుగుదల వదిలిన ఆ మనిషెవరో గాని, ఆమె మీద పిన్నికి చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

మడతని పచ్చ దారంతో టాకా వేశారు. మూడు కుట్లు, ఒక ముడి, మళ్లీ వెనక్కి ఇంకో కుట్టు. ఆ వెనక్కి వేసిన కుట్టు శుద్ధ దండగ. కుట్టుపని వచ్చినవాళ్లెవరూ అలా వెయ్యరు. అయినా ఎక్కడో చూసినట్టుంది అనుకుంటూనే పిన్ని చొక్కా మడత పెట్టింది.

శనివారం బల్ల మీద చొక్కా పెట్టారు. హెడ్‌మేడమ్ కుర్చీ జరుపుకుని "ముందు వస్తువు, తర్వాత అభిప్రాయం" అనేలోపే కండక్టరు ఆగలేకపోయాడు.

"అసలు సినిమా అంటే అదండీ! ఆ పిల్లాడు పోతుంటే నాకు కళ్లలో దుమ్ము పడింది."

"కిటికీలు మూసే ఉన్నాయి కదయ్యా" అంది పిన్ని.

వాచీలు బాగుచేసే తాతయ్య గొంతు సవరించుకున్నాడు. "నేను చూసుకున్నాను. ఆ పిల్లాడు చావడానికి నాలుగు నిమిషాల పది సెకన్లు పట్టింది. అంతసేపు చూపించాలా?"

"చూపించకపోతే మనకెలా తెలుస్తుంది తాతయ్యా?"

"తెలుసుకుని నువ్వేం చేశావు? వారమంతా టికెట్లు కొట్టావు" అంది హెడ్‌మేడమ్. "నేనూ అంతే, వంకాయలు బేరమాడాను. చూసి ఏడిస్తే మన పని మనం చేసేశామన్న తృప్తి ఒకటి వచ్చేస్తుంది. ఈ సినిమాలతో నా భయం అదే."

కండక్టరు మొహం చిన్నబోయింది. సరిగ్గా అప్పుడే బేకరీ అన్నయ్య బన్నుల బుట్టతో గుమ్మంలోకి వచ్చాడు. బుట్ట ఇచ్చేసి వెళ్లిపోవడం అతని అలవాటు. కానీ మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు కండక్టరు అతన్ని పట్టుకున్నాడు.

"ఇదిగో, మన చేతిలోనే మనిషిని పెట్టుకుని మనం వాదించుకోవడమేంటి? మీరు చెప్పండి అన్నయ్యా. మీరు అక్కడివారే కదా. మీరు కూడా చిన్నప్పుడు, అదే... తుపాకీ..."

గదిలో అందరూ నేలచూపులు చూశారు. నిజం చెప్పొద్దూ, ఆ అనుమానం ఇన్నేళ్లుగా అందరికీ ఉన్నదే. అందుకే అతను మెట్లెక్కి వస్తుంటే బాణసంచా మాట కూడా ఎత్తేవాళ్లు కాదు.

"నేను పట్టింది రొట్టెల పార బాబూ" అన్నాడు అన్నయ్య. "పదేళ్లప్పుడు మా బాబాయి కొట్లో. పద్నాలుగేళ్లప్పుడు సైకిలు దొంగతనం చేశాను, అదొక్కటే నా నేరచరిత్ర."

హెడ్‌మేడమ్ అందరికంటే ముందు నవ్వింది, తర్వాత సిగ్గుపడింది. "క్షమించండి. అయితే ఈ సినిమాల గురించి మీరేమంటారు?"

"ఏమంటానండీ. ఆ పిల్లలు ఉన్నారు, అబద్ధం కాదు. కానీ మా ఊళ్లో అప్పుడు కూడా పెళ్లిళ్లు అయ్యే ఉంటాయి. రొట్టె మాడితే మొగుడూ పెళ్లాలు పోట్లాడుకునే ఉంటారు. అది ఎవరూ తియ్యరు."

"పెళ్లి సినిమాకి అంతదూరం ఎందుకు వెళ్తారండీ ఎవరైనా?" అన్నాడు కండక్టరు.

"అదీ నిజమే."

మాట పెళ్లి మీదికి వెళ్లేసరికి పిన్నికి ఆ పెన్సిలు ప్రశ్నార్థకం గుర్తొచ్చింది. మాట మళ్లించడానికి చొక్కా అందుకుని అంచు తిరగేసింది. "ఇదిగో, నేను చెప్పాల్సింది ఇది. లోపల రెండంగుళాలు వదిలారు చూడండి. సినిమా తీసినవాళ్లకి ఆ పిల్లాడు చచ్చేవాడే కావచ్చు. ఇది కుట్టినావిడకి మాత్రం ఎదిగే పిల్లాడే."

అందరూ వంగి చూశారు. పచ్చ దారం ఆశకి గుర్తని హెడ్‌మేడమ్ అంది. కాదు, సైన్యం రంగని కండక్టరు అన్నాడు. దారం దారమేనని పిన్ని అంది.

బేకరీ అన్నయ్య చేతిలో బుట్ట కింద పెట్టాడు. గుమ్మం దగ్గర్నుంచి మెల్లగా వచ్చి ఆ మడత మీద వేలు పెట్టాడు. మూడు కుట్లు లెక్కపెట్టాడు. ముడి దాటి, ఆ వెనక్కి వేసిన కుట్టు దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇది మా అక్క చెయ్యి."

అతనే మళ్లీ అన్నాడు. "మా నాన్న చొక్కాలు కత్తిరించి నాకు కుట్టేది. పచ్చ దారం ఎందుకంటే, చొక్కాలో కలవని రంగైతే విప్పేటప్పుడు తేలిగ్గా దొరుకుతుందని. వెనక్కి కుట్టు తప్పని టైలరు ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. నాకూ అదే నేర్పింది. నా ఏప్రన్లకి నేనూ అలాగే వేస్తాను, చూడలేదా పిన్నిగారూ?"

చూడకేం! పదిహేనేళ్లుగా ఉతుకుతోంది. కట్టుకున్న చీర రంగు మర్చిపోయినట్టు, రోజూ చూసేదే తట్టలేదని పిన్ని నెత్తి కొట్టుకుంది.

"సినిమా తీసి రెండేళ్లే అయింది" అన్నాడు కండక్టరు. ఆ గొంతులో ఈసారి అరుపు లేదు. "అంటే రెండేళ్ల కిందట..."

"చివర పేర్లు వెయ్యవయ్యా!" అంది హెడ్‌మేడమ్.

దుప్పటి కట్టే తీరిక లేక గోడ మీదే వేశారు. నలుపు మీద తెల్ల చీమలబారుల్లా పేర్లు పైకి పాకుతుంటే, తాతయ్య వాచీలు చూసే భూతద్దం కంటికి తగిలించుకుని గోడకి ముక్కు ఆనించాడు. "బట్టలు కుట్టినవారు. ఆపు!" పదకొండు పేర్లున్నాయి. వాటిలో తొమ్మిదో పేరు దగ్గర అన్నయ్య చెయ్యి పెట్టాడు. పేరు గోడ మీంచి అతని వేళ్ల మీదికి వచ్చింది. చెయ్యి తీస్తే ఎక్కడ పోతుందోనని చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

సినిమా కంపెనీకి హెడ్‌మేడమ్ అప్పటికప్పుడు ఒక్క తప్పు లేకుండా ఉత్తరం కొట్టింది. కండక్టరు దాన్ని కంప్యూటర్లో పంపాడు. బేకరీలో పిండి కలిపే మిషను మోతకి ఏమీ వినపడదని, కింద లాండ్రీ ఫోను నంబరు ఇచ్చారు.

ఆదివారం ఫోను మోగలేదు. సోమవారం పొద్దున్న అన్నయ్య బట్టీ కూడా వదిలేసి వచ్చి లాండ్రీలో స్టూలు మీద కూర్చున్నాడు. పదింటికి ప్రెస్సువాడు కబురు పెట్టాడు, మిషను ఖాళీగా ఉందనీ, ఏదో ఒకటి తేల్చమనీ. పిన్ని ఆ వచ్చినవాణ్ణి కసిరి పంపేసింది. ఈసారి దుప్పటి మీద సినిమాయే వెయ్యలేదు కాబట్టి ఈ వారం తొట్టిలో ఏమీ దిగలేదు. అయినా చేతులు ఊరుకోక దుప్పటిని నీళ్ల కింద పెట్టి జాడిస్తూనే ఉంది.

పదకొండుకి ఫోను మోగింది.

అన్నయ్య తీశాడు. వాళ్ల భాషలో ఒక్క మాట అన్నాడు, "ఎవరు" అని కాబోలు. ఆ తర్వాత అతనికి మాట్లాడే అవకాశం రాలేదు. అవతలి గొంతు గదంతా వినపడుతోంది. పిన్నికి ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ తిట్లకి అనువాదం ఎందుకు? యాభై రెండేళ్ల మనిషి, రేపోమాపో అల్లుణ్ణి తెచ్చుకోబోయేవాడు, స్టూలు మీంచి లేచి బడిపిల్లాడిలా చేతులు దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. కళ్లనీళ్లు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోవడం లేదు. మధ్యమధ్యలో ఊ కొడుతున్నాడు.

"ఏమంటోందయ్యా?" అంది పిన్ని ఆగలేక.

అతను ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

"నేనెక్కిన ఓడ మునిగిపోయిందని ఎవరో చెప్పారట పిన్నిగారూ. పదకొండేళ్ల కిందట వాళ్లబ్బాయి పెళ్లి కార్డులో నన్ను చచ్చినవాళ్లలో వేయించేసిందట. ఇప్పుడా కార్డులన్నీ ఎవడు దిద్దుతాడని తిడుతోంది."

పిన్ని చటుక్కున చెయ్యి చాపి కుళాయి కట్టేసింది, ఆ తిట్లలో ఒక్కటి కూడా అతనికి వినపడకుండా పోకూడదని.