అమ్మ మోకాళ్ళ మీద నెపం

కంచాలు ఇంకా తియ్యనే లేదు, పిడుగు భోజనాల బల్ల మీద పార్కు మ్యాపు పరిచేసింది. ఒక మూల లేచిపోకుండా ఉప్పు సీసా పెట్టింది, ఇంకో మూల తండ్రి కళ్ళజోడు. బడిలో దాన్ని ఏ పేరుతో పిలుస్తారో గాని ఇంట్లో మాత్రం పుట్టినప్పటి నుంచీ పిడుగే. ఈసారి సెలవులకు పెద్ద థీమ్ పార్కుకు వెళ్దామని, అక్కడి రిసార్టులోనే రెండు రాత్రులు ఉందామని తండ్రి ఏదో సరదాలో నోరు జారాడు. ఆ రోజు నుంచి ఆ పిల్ల అతని నీడను కూడా వదల్లేదు.

మంత్రివర్గం సిద్ధం చేసేసింది. నానమ్మకు సంచుల శాఖ, అమ్మకు నీళ్ళ సీసాలు, టోపీలు. ఏ ఆట తరవాత ఏ ఆటో, ఎక్కడ నీడ ఉందో, ఎక్కడ కూర్చోవాలో అన్నీ పెన్సిలుతో గుర్తులు పెట్టింది. చివరికి మ్యాపు నడిమధ్యన ఎర్రగా మెలికలు తిరిగిన బొమ్మ మీద వేలు ఆనించింది.

"ఇది డ్రాగన్ రైడ్. వరసకి ఇద్దరే. ముందు సీట్లో నేనూ నాన్నా."

అతను గ్లాసు అందుకుని మంచినీళ్ళు తాగాడు. తాగుతూ ఉండగానే ఆ మాట ఎక్కడి నుంచో తయారై నాలుక మీదికి వచ్చేసింది. తను ఆలోచించినట్టు కూడా లేదు.

"అది చాలా పెద్ద పార్కు. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా నడకే. నానమ్మ అంత దూరం నడవలేదు. ఈ ఏడాదికి ఇంకెక్కడికైనా వెళ్దాం."

తల్లి అతని ఎదురుగానే కూర్చుని ఉంది. ఆమె చెయ్యి కంచంలో ఒక్క క్షణం ఆగింది. తరవాత, "అవునవును, ఈ మోకాళ్ళతో నేనెక్కడ," అని నవ్వి, బల్ల కింద ఆ మోకాళ్ళను దగ్గరికి లాక్కుంది, వాటి గురించి మాట్లాడుకుంటుంటే బయట పెట్టుకోవడం మర్యాద కాదన్నట్టు.

ఆమె మోకాళ్ళకు వచ్చిన ముప్పేమీ లేదు. చలికాలంలో కాస్త పట్టేసేవి, అంతే.

అసలు సంగతి అతని కడుపులో ఉంది. నిజంగానే కడుపులో. క్రితం ఏడు అతను పనిచేసే వర్క్‌షాపు వాళ్ళంతా కలిసి ఊరి చివర చిన్న పార్కుకు వెళ్ళారు. అక్కడ ఇలాంటి బండే ఒకటి ఎక్కాడు. పైనుంచి దిగిన ఇనుప కడ్డీ అందరికీ టక్కుమని పడింది, అతనికి మాత్రం పొట్ట మీద ఆగిపోయింది. ఆ బండి నడిపే మనిషి ఒక చేత్తో నొక్కాడు, రెండు చేతులతో నొక్కాడు, ఆఖరికి మోకాలు కూడా ఆనించాడు. ఊపిరి బిగబట్టమన్నాడు. బిగబట్టాడు. పడలేదు. ఒక్కడి కోసం వరసంతా మళ్ళీ తెరవాల్సి వచ్చింది. "సార్, మీరు పక్కకి రండి," అన్నాడు ఆ మనిషి, చాలా మర్యాదగా. ఆ మర్యాదే అతన్ని చంపింది. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

అతను పనిచేసే చోట సినిమా హాళ్ళకూ సభామందిరాలకూ కుర్చీలు తయారు చేస్తారు. అతను అక్కడ సూపర్‌వైజరు. ఒకప్పుడు ప్రతి కుర్చీ వెడల్పులోనూ కాస్త కాస్త కోసేసి, వరసకు ఒక కుర్చీ ఎక్కువ పట్టేలా చేసింది అతనే. యజమాని భుజం తట్టాడు. లావుపాటి వాళ్ళు ఎలా కూర్చుంటారని ఎవరో అడిగితే, వాళ్ళు డబుల్ సీటు టిక్కెట్టు కొనుక్కుంటారని చెప్పి అందరినీ నవ్వించాడు. అప్పుడతను ఇంత లావు లేడు. పార్కుకు వెళ్ళొచ్చాక ఆ జోకు తిరిగి అతని మీదికే వచ్చింది. ఇప్పుడు వర్క్‌షాపులో అతను వినడనుకున్నప్పుడు అతని పేరు డబుల్ సీటు.

ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. భార్యకు చెప్పవచ్చు, ఆమె నవ్వదు. కాని పిడుగు ముందు అదే కడ్డీ అదే పొట్ట మీద ఆగడం, ఆ పిల్ల తల తిప్పి చూడడం, ఆ చూపు ఎలా ఉంటుందో అతను ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. ఊహించిన ప్రతిసారీ ఆ పిల్ల నవ్వేది కాదు, ఎవరికీ కనబడకుండా ముఖం అటు తిప్పుకునేది. అదే అతను భరించలేకపోయింది. దాక్కోవడానికి చోటు వెతుక్కున్నాడు, చేతికందేంత దగ్గరలో తల్లి ఉంది.

భార్య బడిలో లెక్కల టీచరు. ఏ చిక్కయినా ఆమె చేతిలో పడితే విడిపోవలసిందే. మర్నాడు సాయంత్రానికే ఆమె దారి కనిపెట్టేసింది. అత్తయ్య ఆ మూడు రోజులూ చిన్నత్తయ్యగారింట్లో ఉంటారట, ఫోను చేసి కనుక్కుందట, వాళ్ళూ సంతోషించారట. పిల్ల ఆశ ఎందుకు చంపడం అంది. పిడుగు కాసేపు ముఖం మాడ్చుకుని కూర్చుంది గాని, తరవాత పెన్సిలు తీసి మంత్రివర్గం మార్చింది. సంచుల శాఖ కూడా ఇక అమ్మదే. కాబట్టి నాన్న అన్ని ఆటలకూ తనతోనే రావాలి.

ఇలా అవుతుందని అతను అనుకోలేదు. తప్పించుకోవడానికి తల్లిని అడ్డం పెట్టాడు. ఇప్పుడు తల్లి పక్కకు తప్పుకుంది, కడ్డీ మాత్రం అక్కడే ఉంది.

తల్లి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేదని అతనికి అనిపించింది. పైగా పక్కింటావిడతో, మావాడికి నా మీద ఎంత శ్రద్ధో, ఎండలో నన్ను నడిపించనన్నాడు అని చెప్పుకుంటూ ఉంటే గోడ ఇవతల విన్నాడు. చెంప మీద కొట్టినా అంత మండదు. అప్పుడే తలుపు తీసి నిజం చెప్పాలనుకున్నాడు. టీవీ శబ్దం పెంచాడు.

సెలవులు దగ్గరపడుతున్నకొద్దీ అతనికి ఇంకో పిచ్చి పట్టింది. ఏమో, ఈసారి పడుతుందేమో. రాత్రిపూట రొట్టె తగ్గించాడు. ఒకరోజు మధ్యాహ్నం పనివాళ్ళంతా భోజనాలకు బయటికి వెళ్ళినప్పుడు, నమూనా కుర్చీ ఒకటి తీసుకుని, పాత సామానులోంచి ఒక కడ్డీ తెచ్చి, దాని చేతులకు అడ్డంగా, లేపి దించేలా బిగించాడు. పక్కన కుర్చీలు మడిచే గొళ్ళెం ఒకటి ఉంటే, దించిన కడ్డీని పట్టి ఉంచేలా అది కూడా తగిలించాడు. పార్కు వాళ్ళ కొలత అతనికి తెలీదు, ఒంటికి తెలిసిన జ్ఞాపకం మీద అంచనా వేశాడు. కూర్చుని, ఊపిరి లోపలికి లాగి, కడ్డీని బలంగా కిందికి నొక్కాడు.

టక్కుమంది. పడింది.

ఆ ఒక్క క్షణం అతనికి కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. పిడుగు పక్కన కూర్చుని గాలిలోకి లేచిపోయినట్టే ఉంది. తరవాత ఊపిరి వదిలాడు. కడ్డీ పొట్టలోకి దిగింది. గొళ్ళెం కోసం చెయ్యి చాచాడు. దాన్ని తను కుర్చీ వెనకవైపు బిగించానని అప్పుడు గుర్తొచ్చింది.

లేచాడు, కుర్చీ కూడా లేచింది. మళ్ళీ కూర్చున్నాడు. బయట పనివాళ్ళ నవ్వులు వినబడుతున్నాయి. పిలవచ్చు. పిలవడం కన్నా అలా ఉండిపోవడమే నయం అనిపించింది. చివరికి వెల్డింగు చేసే ముసలాయన మరిచిపోయిన చేతిరుమాలు కోసం లోపలికి వచ్చి, అతన్ని చూసి, గుమ్మంలో నిలబడిపోయాడు. తరవాత ఏమీ ఎరగనట్టు వెనక్కి వెళ్ళి గొళ్ళెం తీశాడు.

"కొత్త మోడలా సార్?"

"ఆఁ, కొత్త మోడలే."

"మరీ ఇరుకుగా ఉంది సార్," అని రుమాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఇక ఆ పూట అక్కడ ఉండబుద్ధి కాలేదు. తలనొప్పి అని చెప్పి ఇంటికి బయల్దేరాడు. వాళ్ళ ఫ్లాటు ఉన్న అంతస్తులో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పొడుగాటి వరండా. లిఫ్టు దిగుతూనే పిడుగు గొంతు వినిపించింది.

"చెయ్యి ఊపు నానమ్మా. మూట మోస్తున్నట్టు కాదు, పెరేడ్‌లో లాగా."

తల్లి నడుస్తోంది. చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుంది. కాళ్ళకు కోడలి పాత బూట్లు. అవి వదులైతే ముందుభాగంలో న్యూస్‌పేపరు కుక్కుకున్నట్టుంది, అడుగు వేసినప్పుడల్లా కరకరమంటోంది. ఆ చివరి గోడను తాకి, గిర్రున తిరిగి, ఈ చివరికి వస్తోంది. ఒంటిపూట బడి నుంచి వచ్చి మెట్ల మీద బడిసంచీ పెట్టుకుని కూర్చున్న పిడుగు కోచ్ అన్నమాట. ఆమె నుదుటి మీద చెమట. ముఖంలో ఇన్నేళ్ళలో అతను చూడని పట్టుదల ఉంది.

అతన్ని చూసి తల్లి దొంగతనం చేస్తూ దొరికిపోయిన దానిలా ఆగిపోయింది. కుచ్చెళ్ళు కిందికి లాక్కుని బూట్లు కప్పుకుంది.

"రోజూ నడుస్తోంది నాన్నా. నీకు చెప్పొద్దంది. చివర్లో ఒకేసారి చూపిద్దామని," అంది పిడుగు.

అతను ఏదో అనబోయాడు. తల్లి పిడుగును లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెమ్మంది. అది వెళ్ళాక, గోడకు ఆనుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"నీ మీద నాకు కోపమేం లేదురా. అంతమందిలో నా చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించాల్సొస్తే నీకు నామోషీగా ఉంటుందని నాకు తెలుసు. పట్టుకోనక్కర్లేదు. నేనే నడుస్తాను. చూడు, ఆయాసం కూడా రావట్లేదు."

చెబుతూనే ఆయాసపడింది. దాన్ని దాచడానికి నోరు మూసుకుంది.

తన సిగ్గును తను తల్లికి తొడిగాడు. ఆమె అది తనదే అనుకుని, ఇన్నాళ్ళూ దానికి సరిపోయేలా కాళ్ళు సాగదీసుకుంటోంది. చిన్నప్పుడు అతను పక్క తడిపినప్పుడు ఎవరైనా అడిగితే, చెంబు ఒలికిందని తల్లి చెప్పేది. ఆ చెంబు నెపం ఆమె తన మీద వేసుకునేది, నేనే ఒలికించానని. అది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో అతనికి బాగానే అర్థమైంది.

"నేనట్లా అనుకోలేదమ్మా," అన్నాడు. అది నిజమే. కాని మిగతాది చెప్పడానికి నోరు రాలేదు. పిడుగు గ్లాసు పట్టుకుని వచ్చేసింది. అది వచ్చినందుకు అతను లోలోపల ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకున్నందుకు మళ్ళీ సిగ్గుపడ్డాడు.

రాత్రి భోజనాల దగ్గర పిడుగు దాచుకోలేకపోయింది. నానమ్మ వరండాలో ఎలా నడుస్తోందో, బూట్లలో పేపరు ఎలా కుక్కిందో, పక్కింటి కుక్క ఎలా వెంటపడిందో అంతా అభినయించి చూపించింది. భార్య నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. చిన్నత్తయ్యగారికి రేపే ఫోను చేసి చెప్తానంది. తరవాత అతని వైపు తిరిగింది.

"ఇంకేమంటారు? అత్తయ్య మీకన్నా బాగా నడుస్తారు."

తల్లి తలెత్తలేదు. పరీక్ష ఫలితం కోసం వరసలో నిలబడ్డ పిల్లలా కంచం వైపు చూస్తోంది. సరే అనేస్తే చాలు. ఆమె వస్తుంది, అందరూ సంతోషిస్తారు, తన కొడుకు తనను చూసి సిగ్గుపడ్డాడన్న మాట మాత్రం ఆమెతోపాటు పార్కుకు వస్తుంది, బెంచీ మీద సంచుల పక్కన కూర్చుంటుంది.

"అమ్మ నడవలేకపోవడం కాదు," అన్నాడు. చెవులు కాలిపోతున్నాయి. "ఆ సీట్లో నేను పట్టను. కడ్డీ పడదు. పోయినేడు వర్క్‌షాపు వాళ్ళతో వెళ్ళినప్పుడు దింపేశారు. అందుకని అమ్మ మోకాళ్ళ మీద పెట్టాను."

భార్య ముఖంలో నవ్వు ఎక్కడిదక్కడే ఆగింది. తనకు ఏడాదిగా చెప్పలేదన్నది ఆమెకు అప్పుడే తగులుతోందని తెలుస్తూనే ఉంది. అతను పిడుగు వైపు చూడడానికి భయపడి తల్లి వైపు చూశాడు. చూడకుండా ఉంటే బావుండేది. ఆమె ముఖం మీద ఉన్నది జాలి కాదు, కోపమూ కాదు. అచ్చంగా సంతోషం. పెద్ద బరువు దించుకున్న మనిషి ముఖం. ఆ బరువు ఎంతదో అతనికి ఆ సంతోషాన్ని బట్టి తెలిసింది.

"ముందే చెప్పొచ్చు గదరా," అంది ఆమె.

పిడుగు మ్యాపు దగ్గరికి లాక్కుని చాలాసేపు ఆలోచించింది. అతను ఊహించుకున్నట్టు ముఖం తిప్పుకోలేదు. అతని పొట్ట వైపు ఒకసారి, ఇంజనీరు చూసినట్టు చూసింది.

"అయితే ముందు సీట్లో నేనూ నానమ్మా. నాన్నకి సంచుల శాఖ." పెన్సిలు ఆపింది. "నాన్నా, బెంచీ మీదయితే పడతావుగా?"

భార్యకు పొరబోయింది. తల్లి మనవరాలి నెత్తిన చిన్నగా మొట్టింది. అతనూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా. నవ్వు వచ్చింది గాని చెవుల్లో మంట మాత్రం పోలేదు.

మర్నాడు సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి తల్లి వరండాలో నడుస్తూనే ఉంది. ఇప్పుడెందుకమ్మా అంటే, డ్రాగన్ దాకా నడిచి వెళ్ళాలి గదరా అంది. అతను సంచీ గుమ్మంలో పెట్టి ఆమె వెంట నడిచాడు. రెండుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి అతనికి వగర్పు వచ్చేసింది. వెనకబడ్డాడు. పిలవబోయి ఊరుకున్నాడు.

తల్లి ఆ చివరి గోడను తాకింది. వెనక్కి తిరగలేదు. మెల్లగా వంగి, ఊడిపోని బూటు తాడును విప్పి, మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టింది. అతను దగ్గరికి వచ్చేదాకా కడుతూనే ఉంది.